‘పంపాను’ అన్నారా, ‘పంపను’ అన్నారా?

ప్రశ్న: మెసేజ్‌లలో వాడే పొట్టి రాతలు (‘ఓ మై గాడ్’కు ఓఎంజీ, ‘వీలైనంత త్వరగా’కు ఏఎస్‌ఏపీ, ‘ప్లీజ్’కు పీఎల్‌జెడ్ లాంటివి) ఆన్‌లైన్ చర్చల్లో, ఈమెయిళ్లలో, ఉత్తరాల్లో వాడొచ్చా?

వాడొచ్చు, చదివేది ఎవరో మీకు తెలిసినంతవరకు. అవతలివాళ్లు ఎవరో తెలియనప్పుడు, మీరు రాసింది రెండేళ్ల తర్వాత ఇంకెవరో వెతుక్కుని చదివే అవకాశం ఉన్నప్పుడు, డబ్బు, మందులు, తేదీ, టైము వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వాడకండి. జవాబు ఇంతే. కానీ ఈ వాదన నడిచే తీరు చూస్తే అసలు విషయం ఎవరూ ముట్టుకోరు, అందుకే ఇంకొంచెం రాస్తున్నాను.

పొట్టి రాతల వల్ల భాష పాడైపోతోందనే వాళ్లకు ముందు ఒక మాట. తెలుగులో ఈ పని ఎప్పటినుంచో ఉంది. ఉత్తరం చివర తా.క., పోయినవాళ్ల పేరు ముందు కీ.శే., శుభలేఖలో చి.ల.సౌ., పాత ఉత్తరాల మీద మ.రా.రా.శ్రీ. పద్యాల పుస్తకం తెరిస్తే ప్రతి పద్యం ముందూ ఉ., చ., శా., మ., తే.గీ., ఆ.వె. ఇవి చూసి భాష చచ్చిపోయిందని ఎవరూ ఏడవలేదు. ఎందుకంటే ఆ జాబితా చిన్నది, దాని చోటు ఖాయం. ఒకే ‘ఉ.’ పద్యం ముందు ఉంటే ఉత్పలమాల, టైము ముందు ఉంటే ఉదయం. చోటే అర్థం చెప్పేస్తుంది. ఇంగ్లిష్‌లోనూ ఇది సెల్‌ఫోన్‌తో పుట్టిన జబ్బేమీ కాదు. బ్రిటిష్ నౌకాదళ మాజీ అధిపతి లార్డ్ ఫిషర్ 1917లో చర్చిల్‌కు రాసిన ఉత్తరంలోనే ఓఎంజీ ఉంది. అయితే ఆయన పక్కనే బ్రాకెట్లో ‘ఓ మై గాడ్’ అని పూర్తిగా రాశాడు. ఆ మర్యాద ఇప్పుడు ఎవరికీ లేదు.

మరి ఫోన్లలో ఇంతగా ఎందుకు పెరిగింది? రెండు కారణాలు, రెండూ ఇప్పుడు లేవు. ఒకటి కీప్యాడ్. అంకెల బటన్లున్న పాత ఫోన్లో ఇంగ్లిష్‌లో ‘యూ’ అనే మాటను మూడక్షరాలతో పూర్తిగా రాయాలంటే 9 మూడుసార్లు, 6 మూడుసార్లు, 8 రెండుసార్లు, మొత్తం 8 నొక్కులు. ఒక్క అక్షరంతో సరిపెడితే 2 నొక్కులు. ‘టుమారో’కి 18 నొక్కులు, పైగా వరసగా వచ్చే అక్షరాలు ఒకే బటన్ మీద ఉంటే మధ్యలో ఒక క్షణం ఆగాలి. అచ్చులు, రెండో ‘ఆర్’ తీసేస్తే 6 నొక్కులతో అయిపోయేది. రెండోది మెసేజ్ కొలత. ఎస్సెమ్మెస్ ఒక్కోటి 140 బైట్లు, అందులో 7 బిట్ల ఇంగ్లిష్ అక్షరాలు 160 పడతాయి. ఆ సరిహద్దు దాటితే ఇంకో మెసేజ్, ఇంకో చార్జీ. ఇప్పుడు కీబోర్డే సగం మాట ముందుగా చూపిస్తుంది, చాట్‌లో నిడివికి డబ్బు కట్టడం లేదు. అవసరం పోయింది, అలవాటు మిగిలింది.

తెలుగు ఎస్సెమ్మెస్ సంగతి వేరు. మెసేజ్‌లో ఒక్క తెలుగు అక్షరం ఉన్నా సాధారణంగా మొత్తం యూనికోడ్‌లోకి (అన్ని లిపులకూ పనికొచ్చే కోడ్) మారి 160 కాస్తా 70 అవుతుంది. రెండు మూడు ముక్కలుగా వెళ్లే పొడుగు మెసేజైతే ముక్కకు 67 మాత్రమే, మిగతా చోటు ముక్కల్ని అతికించే సమాచారానికి పోతుంది. ఆ 70 కూడా మనం అనుకునే అక్షరాలు కావు. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం, ఫోన్‌కు 6: స, పొల్లు, త, పొల్లు, ర, ఈ గుణింతం. ఖాతాదారులకు తెలుగులో ఎస్సెమ్మెస్‌లు పంపే వ్యాపారులకు బిల్లు ఎందుకు ఎక్కువొస్తుందో అర్థం కాకపోతే ఇదే కారణం. వాళ్లు కుదించాల్సింది వాక్యాల్ని. మాటల్ని విరగ్గొడితే లాభం ఉండదు.

ఎందుకుండదో చెప్పడానికే ఈ జవాబు మొదలుపెట్టాను.

ఇంగ్లిష్‌లో అచ్చు తీసేస్తే ఒక అక్షరం తగ్గుతుంది. తెలుగులో అచ్చు తీసేయాలంటే పొల్లు చేర్చాలి. ‘క’ కంప్యూటర్‌కు ఒక్కటే, ‘క్’ రెండు. అంటే తెలుగు లిపిలో ఈ కిటుకు పనిచేయకపోగా ఎదురు తిరుగుతుంది. అందుకని మనవాళ్లు తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి, దాని అచ్చులు తీసేస్తారు. అసలు నష్టం అక్కడ జరుగుతుంది.

ఎవరో అడిగారు: ‘అడ్వాన్స్ పంపారా?’ మీరు ఇంగ్లిష్ అక్షరాల్లో ‘నేను పంపాను’ అని కొట్టారు. దీర్ఘానికి రెండు ‘ఏ’లు కొట్టే ఓపిక ఎవరికుంది? ఒకటే కొట్టారు. అవతలివాళ్లు దాన్ని ‘నేను పంపను’ అని చదివితే తప్పెవరిది? పని అయిపోయిందని మీరు చెప్పారు, చచ్చినా చేయనన్నారని వాళ్లకు అర్థమైంది. మధ్యలో ఉన్నది ఒక్క దీర్ఘం. చెప్పాను, చెప్పను. కట్టాను, కట్టను. వెళ్లాను, వెళ్లను. మాట్లాడాను, మాట్లాడను. తెలుగులో ఇలాంటి జంటలు బోలెడు. మిగిలిన ఆ అచ్చులు కూడా పీకేసి నాలుగు హల్లులకు దింపితే పంపాను, పంపను, పంపనా, పంపిన, పంపని ఐదూ ఒకటే అవుతాయి. అయిపోయిన పని, నిరాకరణ, అనుమతి అడగడం, అన్నీ ఒకే ముద్ద.

ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాయక తప్పదనుకుంటే, దీర్ఘం మీద ఆధారపడని రూపం ఎంచుకోండి. ‘పంపేశాను’ అంటే ఎలా రాసినా ఎవరూ ‘పంపను’ అని చదవరు. కుదరదని చెప్పాలంటే ‘పంపడం లేదు’, ‘పంపలేను’. ‘పంపించాను’ అని మారిస్తే సరిపోతుందనుకోకండి, దానికీ ‘పంపించను’ కాచుకుని ఉంది. చెల్లింపు విషయమైతే మొత్తం, తేదీ కూడా పక్కన రాయండి. ‘5,000 నిన్న రాత్రి పంపేశాను’ అన్నాక అపార్థానికి చోటు లేదు.

కుదింపు ఎప్పుడూ మాట తోకనే కొరుకుతుంది. తెలుగులో పని చేసేవారు ఎవరో చెప్పేది ఆ తోకే. వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తారు, వస్తాం. తోక ఉంది కాబట్టే మనం ‘నేను’ అనకుండా ‘రేపు వస్తాను’ అని వదిలేయగలం. తోక కోస్తే ‘ఎవరు’ అన్నది విడిగా రాయాల్సి వస్తుంది, మిగిలిందేమీ లేదు. మర్యాద కూడా అక్కడే ఉంటుంది. ‘చెప్పు’కీ ‘చెప్పండి’కీ మధ్య దూరం మాట చివర్లోనే ఉంది. ‘మీరు’ను రెండు హల్లులకు కుదిస్తే అది మిస్టర్ అవుతుంది. ‘గారు’ను కుదిస్తే ఏమీ కాదు, పేరు పక్కన రెండు అక్షరాలు ఊరికే వేలాడతాయి. పెద్దవాళ్లు పొట్టి మెసేజ్ చూసి చిన్నబుచ్చుకుంటే వాళ్లకు కాలం తెలియదని నవ్వుతారుగానీ, వాళ్లు చూసింది నిజంగా మర్యాద తీసేసిన వాక్యమే.

ఇక ప్రాణాల మీదకు వచ్చే కుదింపులు. చాట్‌లో ‘యూ’ అనే ఒంటి అక్షరం ‘నువ్వు’. మందుల చీటీలో అదే అక్షరం ‘యూనిట్’. చేతిరాతలో దాని పైభాగం కలిసిపోతే సున్నాలా కనిపిస్తుంది, 10 యూనిట్ల ఇన్సులిన్ 100 అవుతుంది. అందుకే అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో ‘వాడకూడని’ కుదింపుల జాబితా పెట్టి, అందులో ఈ అక్షరాన్ని చేర్చింది, యూనిట్ అని పూర్తిగా రాయమంది. అదే జాబితాలో 1.0 అని రాయొద్దని, .5 అని రాయొద్దని కూడా ఉంది. చుక్క కనిపించకపోతే మొదటిది 10, రెండోది 5. ఇంట్లోవాళ్లకు మందుల వివరాలు మెసేజ్‌లో పంపేటప్పుడు ఇదే పాటించండి: ‘1 మాత్ర, రాత్రి తిన్నాక’, ‘0.5 మి.లీ.’ అంతే.

ఆఫీసు మెయిళ్లలో ఇంత ప్రమాదం లేదుగానీ చికాకు తక్కువేం కాదు. ఏఎస్‌ఏపీ అంటే గడువు ఏమీ చెప్పనట్టు. ఈఓడీ అంటే ఎవరి రోజు ముగింపు? వేరే దేశంలో ఉన్నవాళ్లకు మీ సాయంత్రం తెల్లవారుజాము. 05/06 అంటే కొందరికి జూన్ 5, కొందరికి మే 6. ‘12 ఏఎం’ అర్ధరాత్రో మధ్యాహ్నమో సగంమందికి సందేహమే. ‘జూన్ 5 సాయంత్రం 6 గంటలలోపు’ అని రాయడానికి పది క్షణాలు పట్టదు. సంక్షిప్త పేరు నిజంగా అవసరమైతే మొదటిసారి పూర్తి పేరు, పక్కన బ్రాకెట్లో కుదింపు. మొత్తం రాతలో మూడుసార్లకన్నా తక్కువ వచ్చే పేరుకు కుదింపే వద్దు.

బహిరంగ చర్చల్లో ఇంకో మూడు ఇబ్బందులున్నాయి. చూపులేనివాళ్లు వాడే టాక్‌బ్యాక్, ఎన్‌వీడీఏ లాంటి, తెర మీది రాతను చదివిపెట్టే సాఫ్ట్‌వేర్లు కుదించిన మాటను అక్షరాలుగా విడదీసో, లేని మాటగా పలికో వినిపిస్తాయి. యంత్రానువాదం తడబడుతుంది. వెతుకులాట అసలు పనిచేయదు, పూర్తి మాటతో వెతికేవాళ్లకు మీ జవాబు దొరకదు. ఎంత మంచి జవాబైనా దొరకనప్పుడు రాసి ఏం లాభం? అర్థాలు కూడా ఒక్కటిగా ఉండవు. అప్పటి బ్రిటన్ ప్రధాని డేవిడ్ కామెరాన్ ఎల్‌ఓఎల్ అంటే ‘బోలెడు ప్రేమ’ అనుకుని మెసేజ్‌ల చివర పెట్టేవారని 2012లో అక్కడి పత్రికల తీరు మీద జరిగిన లెవిసన్ విచారణలో బయటపడింది. అది నవ్వుకు వాడేదని ఆయనకు ఎవరో చెప్పాల్సి వచ్చింది. దేశాన్ని నడిపే మనిషి పరిస్థితే అది.

పనిలో పనిగా ఒక ఫిర్యాదు. ఒక మనిషి పోయారని కుటుంబం రాస్తే కింద వందమంది ఆర్‌ఐపీ అని మూడక్షరాలు పడేసిపోతారు. అంత్యక్రియలకు రాలేనివాళ్లు కనీసం ఒక వాక్యం రాయలేరా? ఆయన పేరు, ఆయనతో మీకున్న ఒక్క జ్ఞాపకం చాలు. పుట్టినరోజుకు హెచ్‌బీడీ కూడా అంతేగానీ, అక్కడ కనీసం కేక్ అయినా ఉంటుంది. ఇక ఒంటరి ‘కె’. అది సరే అనడమో, కోపమో, సంభాషణ చాలించమనడమో బ్రహ్మదేవుడికీ తెలియదు. చుక్కలకు కూడా ఇలాంటి గొడవే ఉంది. అమెరికాలోని బింగమ్‌టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2015లో చూసిందేమిటంటే, ఒక్కమాట జవాబు చివర పూర్ణవిరామం పెడితే మెసేజ్‌లో అది మనసులోంచి వచ్చినట్టు అనిపించలేదు. చేతిరాత చీటీలో అదే చుక్కకు ఆ తేడా రాలేదు. మెసేజ్‌లో చుక్క కూడా స్వరమే.

పిల్లల స్పెల్లింగ్ పాడవుతుందని భయపడేవాళ్లు మాత్రం కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. బ్రిటన్‌లో కోవెంట్రీ విశ్వవిద్యాలయం వాళ్లు 10 నుంచి 12 ఏళ్ల పిల్లల్ని పరిశీలిస్తే, పొట్టి రాతలు ఎక్కువ వాడేవాళ్లు చదవడంలో వెనకబడలేదు, కాస్త ముందే ఉన్నారు. శబ్దం తెలిస్తేనే కదా కుదించగలిగేది! కాకపోతే అది ఇంగ్లిష్ పిల్లల సంగతి. పరీక్ష పేపర్లో చాట్ భాష రాస్తే మార్కులు పోతాయి, అది వేరే విషయం.

టైపింగ్ బద్ధకమే అసలు కారణమైతే దానికి మందు ఫోన్లోనే ఉంది. మీరు పొట్టిగా కొట్టండి, ఫోన్ పూర్తిగా రాస్తుంది. ఆండ్రాయిడ్‌లో జీబోర్డ్ వాడుతుంటే దాని సెట్టింగ్స్‌లో డిక్షనరీ, అందులో పర్సనల్ డిక్షనరీ, భాష ఎంచుకుని ప్లస్ గుర్తు నొక్కితే రెండు గళ్లు వస్తాయి. పైన పూర్తి వాక్యం, కింద షార్ట్‌కట్. ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, కీబోర్డ్, టెక్స్ట్ రీప్లేస్‌మెంట్. తేడా ఏమిటంటే ఐఫోన్ స్పేస్ కొట్టగానే తనే మార్చేస్తుంది, జీబోర్డ్ పైన పట్టీలో చూపిస్తుంది, మీరు దాన్ని తాకాలి. తాకడం మరిచిపోతే షార్ట్‌కటే వెళ్లిపోతుంది. వాట్సాప్ బిజినెస్‌లో అయితే క్విక్ రిప్లైలు పెట్టుకుని ఏటవాలు గీత కొట్టి పిలవొచ్చు.

షార్ట్‌కట్ ఎంచుకోవడంలోనే చాలామంది తప్పు చేస్తారు. నిజమైన మాటను పెడితే, ఆ మాట మామూలుగా రాసిన ప్రతిసారీ వాక్యం ఊడిపడుతుంది. రెండక్షరాలది కూడా ఎక్కడో ఒకచోట తగులుతుంది. ఏ మాటలోనూ రాని మూడక్షరాల కలయిక మంచిది, ఒకే అక్షరాన్ని మూడుసార్లు కొట్టినా చాలు. జీబోర్డ్‌లో డిక్షనరీ భాషలవారీగా విడిగా ఉంటుంది. తెలుగు కింద పెట్టింది ఇంగ్లిష్ కీబోర్డ్‌లో రాకపోతే ఫోన్ పాడైందనుకోకుండా రెండుచోట్లా చేర్చండి. ఇక మొదటగా పెట్టుకోవాల్సిన వాక్యం ఏదంటే, ‘డబ్బు పంపేశాను, అందిందో లేదో ఒకసారి చూడండి’.