గండికోటలో ఒక రాత్రి: డబ్బు పోయేది ఆటోకు, నీళ్లకు

ప్రశ్న ఇది: "కర్నూలు నుంచి నలుగురం వస్తున్నాం. రెండు రోజుల్లో గండికోట, బెలుం గుహలు చూడాలి, ఒక రాత్రి టెంటులో పడుకోవాలి. సొంత బండి లేదు. తక్కువ ఖర్చులో అవుతుందా? నల్లమలలో కూడా ఇట్లా టెంటు వేసుకోవచ్చా?"

గండికోట, బెలుం సంగతైతే నిశ్చింతగా అవుతుంది. నల్లమల సంగతి చివర్లో చెప్తాను, దానికి లెక్క వేరు.

అందరూ టెంటు అద్దె దగ్గర, టికెట్ దగ్గర బేరాలాడతారు. మన రాయలసీమలో కోటలు, గుళ్లు చూడ్డానికి టికెట్ల మీద మిగిలేదేమీ ఉండదు. ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినం, ఆ రోజు పురావస్తు శాఖ కట్టడాలకు టికెట్ ఉండదని చూసి ప్రయాణం పెట్టుకునేవాళ్లున్నారు. ఏప్రిల్ ఎండలో గండికోట బండ మీద మధ్యాహ్నం అరికాలు మోపలేం. టికెట్ మీద మిగిలే నాలుగు డబ్బులు చల్లటి నీళ్ల సీసాలకు కూడా చాలవు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్లండి. అందులోనూ నవంబరులో తుపాను కబురుంటే వాయిదా వేసుకోండి. మార్చి దాటితే పగటి వేడిని పట్టుకున్న బండ అర్ధరాత్రి దాకా వదలదు, టెంటులో ఉడికిపోతారు.

ఖర్చు తేలేది జమ్మలమడుగు నుంచి గండికోట దాకా ఉన్న 15 కిలోమీటర్ల దగ్గర. జమ్మలమడుగుకు ఆర్టీసీలో తక్కువలోనే చేరతారు. మీలో ఆడపిల్లలుంటే 2025 ఆగస్టు 15 నుంచి నడుస్తున్న స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో వాళ్లకు ఛార్జీ లేదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ తీసుకోవాలి, కార్డు మరిస్తే పూర్తి ఛార్జీ కట్టాల్సిందే. జమ్మలమడుగులో దిగగానే టిఫిన్‌కు పరుగెత్తకుండా ముందు ఎంక్వయిరీలో రెండు ప్రశ్నలు అడగండి: ఈ రోజు గండికోటకు ఆఖరి బస్సు ఎన్నింటికి, రేపు అక్కడినుంచి మొదటి బస్సు ఎన్నింటికి. ఆ దారిలో రోజుకు తిరిగేవి కొన్ని ట్రిప్పులే. ఫోనులో కనిపించే టైములు ఎప్పటివో ఏమో, వాటిని నమ్ముకుని పోవద్దు. ఆ తర్వాత కూర్చుని ఉగ్గాని బజ్జీ తినండి.

బస్సు తప్పితే ఆటోనే దిక్కు. తలకింత అని మాట్లాడుకోవద్దు, బండికింత అని మాట్లాడుకోండి. డ్రైవరు వెనక్కి ఖాళీగా రావాలి కాబట్టి రెండు వైపుల డీజిలూ మీ మీదే వేస్తాడు, అందులో తప్పు లేదు. అందుకే మరుసటి రోజు కిందికి దించే పని కూడా ఆయనకే చెప్పి, సగం ఇప్పుడు, సగం రేపు అని మాట తీసుకుంటే ధర దిగుతుంది. ఇంకో దారి కూడా ఉంది. కోట లోపలే ఊరుంది, జనం కాపురముంటున్నారు. సరుకులు కొనుక్కుని సాయంత్రం తిరిగిపోయే ఊరివాళ్లతో కలిసి ఎక్కితే మీ వాటా సగానికి పడిపోతుంది. పొద్దుగూకాక ఏ బేరమూ కుదరదు. మూడింటికల్లా పైనుండేట్టు బయల్దేరండి.

రెండోది నీళ్లు. మనిషికి తాగడానికి నాలుగు లీటర్లు, ముఖానికీ చేతులకూ ఒక లీటరు, అంటే నలుగురికి ఒక రోజుకు 20 లీటర్లు. జమ్మలమడుగు వాటర్ ప్లాంటులో ఒక క్యాన్ నింపించుకుంటే సరిపోతుంది. పైన లీటరు సీసాలు కొనడం మొదలుపెడితే టెంటు అద్దెకు దగ్గర దగ్గర తేలుతుంది. బస్సులో పోయేటట్టయితే 20 కిలోల క్యాన్ మోయలేరు, రెండు పదిలీటర్ల క్యాన్లుగా తీసుకోండి. మూతకు పాలిథిన్ కాగితం వేసి రబ్బరు బ్యాండు కట్టకపోతే ఆ మలుపుల్లో కారి సీటు తడుస్తుంది. లోయలో పెన్న నీళ్లు కనిపిస్తున్నాయి కదా అని దిగి తెచ్చుకుందామనుకోవద్దు. దిగడం ఒక ఎత్తు, ఎక్కడం పది ఎత్తులు.

ఇక టెంటు. కోట గోడల లోపల, మసీదు దగ్గర, మాధవరాయస్వామి గుడి దగ్గర, ధాన్యాగారం పక్కన టెంటు వేయకూడదు, పొయ్యి వెలిగించకూడదు. అది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు, పాత కట్టడాల రక్షణకు తెచ్చిన 1958 చట్టం వర్తిస్తుంది. కోట బయట టెంట్లు అద్దెకిచ్చేవాళ్లున్నారు, టూరిజం వాళ్ల హరిత హోటలుంది. సొంత టెంటు ఉంటే ఆ అద్దెవాళ్లనే స్థలానికి, మరుగుదొడ్డికి మాత్రం ఎంతని అడగండి. శని, ఆదివారాలు కాకుండా మంగళ, బుధవారాల్లో వెళ్తే వాళ్లే దిగివస్తారు. బేరం కుదుర్చుకునే ముందు మరుగుదొడ్డిలో నీళ్లొస్తున్నాయో లేదో తిప్పి చూడండి. ఇది సిగ్గుపడాల్సిన సంగతి కాదు.

టెంటు కొనేటట్టయితే కర్రలతో తనంతట తాను నిలబడే గోపురం ఆకారపుదే కొనండి. మేకులు కొట్టి లాగి కట్టే రకం ఇక్కడ పనికిరాదు. నేలంతా ఎర్రబండ, దాని మీద నాలుగు వేళ్ల మందం మట్టి. మేకు రెండు అంగుళాలు దిగి టక్కున ఆగిపోతుంది, ఇంకో దెబ్బ వేస్తే వంగిపోతుంది. చూడ్డానికి మాత్రం గట్టిగా పాతుకున్నట్టే ఉంటుంది. సాయంత్రమంతా గాలి ఉండదు, అందరూ ఫోటోలు దిగి నిద్రపోతారు. రాత్రి బాగా పొద్దుపోయాక లోయలోంచి గాలి లేస్తుంది. మొదట గుడ్డ చప్పుడు చేస్తుంది, తర్వాత గాలి వచ్చే వైపు మూల పైకి లేస్తుంది, లేచిన మూల కింద గాలి దూరగానే మిగతా మూడు మేకులూ ఒకదాని వెంట ఒకటి ఊడి బండ మీద గలగలమంటాయి. లోపల మనుషులుంటే బరువుకు ఆగుతుంది. అందరూ బయటికొచ్చి నిలబడితే మాత్రం టెంటు దొర్లుకుంటూ పోతుంది. పోయేది లోయ వైపే.

దీనికి మందు రాళ్లే. ప్రతి మూలకూ ఎనిమిది, పది కిలోల రాయి ఒకటి. తాడును రాయికి చుట్టి ముడి వేయకండి, ఊగినప్పుడల్లా రాయి అంచుకు రాసుకుని తెల్లారేసరికి తెగుతుంది. తాడు చివర చిన్న పుల్ల కట్టి, ఆ పుల్లను నేలమీద అడ్డంగా పెట్టి, దాని ముందు, టెంటు వైపున, తాడు మీద పెద్ద రాయి పెట్టండి. ఎంత లాగితే అంత బిగుస్తుంది. రాళ్లు బయట దొరికేవే తీసుకోవాలి, కోట గోడల్లోంచి పీకితే నేరం. వాకిలి గాలికి ఎదురుగా కాకుండా వెనకవైపు ఉండాలి. కింద పరిచే టార్పాలిన్ పట్టా టెంటు అడుగుకంటే జానెడు చిన్నదిగా మడవాలి. బయటికి పొడుచుకొస్తే వాననీళ్లను, మంచును పట్టి తిన్నగా మీ వీపు కిందికే పంపిస్తుంది. పరిచేముందు చీపురు పుల్లలతో బండ ఊడవండి, తుమ్మముల్లు ఒక్కటి చాలు గాలి పరుపు పాడవడానికి. గాలి పరుపుకంటే పాత బొంత మేలు. తెల్లవారుజామున చలికి కింద ఒకటి, పైన ఒకటి ఉండాలి.

అంచు నుంచి కనీసం వంద అడుగుల దూరంలో పడుకోండి. అంచున టెంటు, వెనక సూర్యోదయం అనే ఫోటో కోసం జనం ప్రాణాలతో చెలగాటమాడుతున్నారు. ఈ మాట ఎన్నిసార్లయినా చెప్తాను. అక్కడ బండ ఒకటే ముద్ద కాదు, ఇటుకలు పేర్చినట్టు పలకలు పలకలుగా ఉంటుంది, మధ్యలో సందులుంటాయి. పగలు అడుగు వేస్తే కొన్ని పలకలు ఊగడం తెలుస్తుంది. రాత్రి నిద్రమత్తులో లఘుశంకకు లేచినవాడికి ఏమీ తెలియదు. పడుకునే ముందే ఏ వైపు వెళ్లాలో అందరూ మాట్లాడుకుని, అంచుకు అడ్డంగా నడుమెత్తున ఒక తెల్ల తాడు కట్టండి. సెల్‌ఫోన్ లైటు చాలదు, రెండు చేతులూ ఖాళీగా ఉండేట్టు తలకు కట్టుకునే లైటు కావాలి. చెప్పులు, బూట్లు టెంటు లోపలే పెట్టుకుని, వేసుకునే ముందు బోర్లించి దులపండి. తేళ్లకు వెచ్చటి చోటంటే ఇష్టం. ఉరుము వినిపిస్తే టెంటు సంగతి మరిచిపోయి కట్టడంలోకి పోండి, ఆ మైదానంలో అందరికంటే ఎత్తుగా ఉండేది మీరే.

తిండికి పొయ్యి వద్దు. ఎండుగడ్డిలో నిప్పురవ్వ పడితే ఆర్పడానికి ఆ 20 లీటర్లూ చాలవు. సద్ది కట్టుకుపోండి. గట్టిగా కాల్చిన జొన్నరొట్టెలు రెండు రోజులూ నిలుస్తాయి. చెనిక్కాయల పొడి, ఎర్రగడ్డ, చింతపండు పులిహోర, ఓ సంచి బొరుగులు చాలు. పెరుగన్నం మాత్రం మొదటి మధ్యాహ్నానికే తినేయాలి. కోతులకు ప్లాస్టిక్ కవరు చప్పుడు వినిపిస్తే చాలు, కాబట్టి మూత బిగిసే డబ్బాలో పెట్టండి. సిగ్నల్‌ను నమ్ముకోకుండా పది, ఇరవై నోట్లు జేబులో ఉంచుకోండి, ఏటీఎం పని జమ్మలమడుగులోనే ముగించండి.

పొద్దున సూర్యోదయం అయ్యాక తొమ్మిది దాకా కోట చూడండి, ఎండ ఏటవాలుగా పడి శిల్పం విడిగా కనిపించేది అప్పుడే. ధాన్యాగారంలో గోడల మీద బొగ్గుతో, తాళంచెవితో చెక్కిన పేర్లు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. దానికంటే ఘోరం గుప్తనిధుల పిచ్చి. సీమలో ఏ కోటకు పోయినా, ఏ పాడుబడ్డ గుడికి పోయినా దేవుడి పీఠం కింద తవ్విన గొయ్యి ఉంటుంది. గండికోట పెమ్మసాని నాయకులు ఏలిన చోటు కాబట్టి బంగారం ఉంటుందని ఎవడో చెప్తాడు, ఇంకెవడో గడ్డపార తెస్తాడు. అట్లాంటి కొత్త గొయ్యి కనిపిస్తే ఫోటో తీసి పోలీసులకు, పురావస్తు శాఖకు పంపండి. ఊరికే వచ్చి చూసిపోయేవాళ్లు ఆ స్థలానికి చేయగల మేలు అదొక్కటే.

గండికోట మొదటి రోజు, బెలుం రెండో రోజు పెట్టుకోమని ఎందుకంటానంటే, అప్పటికి నీళ్లూ తిండీ అయిపోయి సంచులు తేలికవుతాయి, మధ్యాహ్నపు ఎండ నెత్తిన పడదు. జమ్మలమడుగు నుంచి తాడిపత్రి మీదుగా వెళ్లండి, అక్కడినుంచి బెలుం 30 కిలోమీటర్లు. గంటన్నర దొరికితే తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుని గుడి, చింతల వెంకటరమణుని గుడి చూడండి. రెండూ ఆ పెమ్మసాని వాళ్లు కట్టించినవే, పైసా ఖర్చు లేదు. గుహ దగ్గరికి రెండింటికల్లా చేరాలి, సాయంత్రం తొందరగా మూసేస్తారు. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ రాసిపెట్టిన ఈ గుహను 1980ల్లో జర్మనీ నుంచి వచ్చిన గెబౌర్ బృందం కొలిచింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు, మనల్ని పోనిచ్చేది అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటరు. లోపల చల్లగా ఉంటుందనుకుంటారు, కానీ ఉక్కపోత. నూలు చొక్కా వేసుకోండి, చేతిలో అర లీటరు నీళ్ల సీసా ఉంటే చాలు. ఉబ్బసం ఉన్నవాళ్లు గుహలో అట్టడుగున ఉన్న పాతాళగంగ దాకా దిగకుండా పైన ఆగడం మంచిది. అక్కడినుంచి కొలిమిగుండ్ల, బనగానపల్లె మీదుగా కర్నూలు చేరతారు.

నల్లమలలో మాత్రం మీ ఇష్టం వచ్చిన చోట టెంటు వేయడానికి లేదు. అది నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపల అడుగుపెట్టడమే తప్పు. అటవీ శాఖ వాళ్లవే ఆత్మకూరు దగ్గర బైర్లూటి, నంద్యాల–గిద్దలూరు రోడ్డు మీద పచ్చర్ల క్యాంపులున్నాయి. గండికోట కంటే ఖర్చు ఎక్కువే. అయితే బుక్ చేసేటప్పుడు తిండి, సఫారీ కలిపి చెప్తున్నారో విడిగా చెప్తున్నారో అడిగి, ఆ రెండూ తీసేసి లెక్క వేసుకుంటే అంత తేడా కనిపించదు. వానాకాలంలో తెరిచి ఉంటాయో లేదో ముందే కనుక్కోండి. బస్సులో పోతే క్యాంపు గేటు దగ్గర దించమని కండక్టరుకు ఎక్కేటప్పుడే చెప్పాలి. శ్రీశైలం వైపు అడవి రోడ్డుకు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేట్లు వేస్తారు. కర్నూలులో సాయంత్రం ఆలస్యంగా బయల్దేరితే ఆ రాత్రి ఆత్మకూరు బస్టాండులోనే.