జీఐ బిల్‌తో పైలట్ ట్రైనింగ్ సరే, ఈ రోజు మీ మీద బీమా ఎంత ఉంది?

టెక్సస్‌లోని కిల్లీన్ నుంచి ఒక పాఠకుడు రాశారు. వయసు 34. అమెరికా ఆర్మీలో ఎనిమిదేళ్లు హెలికాప్టర్ మెకానిక్‌గా చేసి ఐదు నెలల కిందట బయటికొచ్చారు. ప్రస్తుతం ఉద్యోగం లేదు, భార్య ఫార్మసీలో పనిచేసి నెలకు 2,600 డాలర్లు తెస్తున్నారు, మూడేళ్ల పాప, ఇంటి ఖర్చు 4,800. బ్యాంకులో 11 వేలు, టీఎస్‌పీలో (ప్రభుత్వ ఉద్యోగులు, సైనికుల రిటైర్మెంట్ పొదుపు ఖాతా) 58 వేలు ఉన్నాయి. ఎయిర్‌లైన్ పైలట్ అవ్వాలని కోరిక. ఒక ఫ్లయింగ్ స్కూల్ వాళ్లు మొదటి నుంచి చివరిదాకా 98 వేల డాలర్లవుతుంది, జీఐ బిల్ (మాజీ సైనికుల చదువుకి అమెరికా ప్రభుత్వం ఇచ్చే డబ్బు) తీసుకుంటాం అన్నారట. పైన పడే "కొంచెం" డబ్బుకి ప్రైవేటు లోన్ తీసుకోవాలా, టీఎస్‌పీ తియ్యాలా, లేక తెనాలి దగ్గర నాన్నగారి ఎకరంన్నర పొలం తాకట్టు పెట్టాలా అని అడిగారు.

మీ ఉత్తరంలో "ఐదు నెలల కిందట" అన్న దగ్గర నేను ఆగిపోయానండీ. సర్వీసులో ఉన్నప్పుడు మీకు 5 లక్షల డాలర్ల ఎస్‌జీఎల్‌ఐ, అంటే సైనికుల జీవిత బీమా, ఉండి ఉంటుంది. బయటికొచ్చాక అది 120 రోజులే నడుస్తుంది. ఐదు నెలలంటే 150 రోజులు. వేరే పాలసీ ఉందని మీరెక్కడా రాయలేదు, అంటే నెల రోజులుగా మీ మీద జీవిత బీమా సున్నా. ఈ పరిస్థితిలో మీరు విమానం నడపడం నేర్చుకుంటానంటున్నారు! దాన్ని వీజీఎల్‌ఐకి, అంటే మాజీ సైనికుల బీమాకి, మార్చుకోవడానికి ఏడాది మీద 120 రోజుల గడువుంది కదా, చూద్దాంలే అని చాలామంది ఊరుకుంటారు. కానీ ఆరోగ్యం గురించి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఇచ్చేది మొదటి 240 రోజుల్లో అప్లై చేస్తేనే. మీకింకా 90 రోజులున్నాయి. స్లీప్ ఆప్నియాకి (నిద్రలో ఊపిరి ఆగిపోయే సమస్య) వీఏలో, అంటే మాజీ సైనికుల వ్యవహారాల శాఖలో, డిజెబిలిటీ క్లెయిమ్ వేశానన్నారు, 241వ రోజు నుంచి ఆ కాగితమే మీకు అడ్డం పడుతుంది. బయట టర్మ్ పాలసీ చౌక అని స్నేహితులు చెబుతారు, అబద్ధమేం కాదు, పైగా వీజీఎల్‌ఐ ప్రీమియం ఐదేళ్లకోసారి పెరుగుతుంది. అయితే బయటి కంపెనీల దరఖాస్తులో విమానం నడుపుతారా, నేర్చుకునే ఉద్దేశం ఉందా అని అడుగుతారు. అవునన్నారంటే ప్రీమియం మీద అదనం వేస్తారు, లేదా విమాన ప్రమాదంలో పోతే డబ్బు రాదని షరతు పెడతారు. వీజీఎల్‌ఐలో ఆ పేచీ లేదు. ఇదంతా చదవడం ఆపి ముందు ఆ దరఖాస్తు పెట్టినా నాకు అభ్యంతరం లేదు.

ఇక స్కూలు లెక్క. "జీఐ బిల్ తీసుకుంటాం" అన్నారు గానీ ఎంత తీసుకుంటారో చెప్పలేదు చూశారా. డిగ్రీ లేని ఫ్లయింగ్ స్కూల్ అయితే పోస్ట్ 9/11 జీఐ బిల్ ఇచ్చేది 2025-26కి 17 వేల డాలర్ల చిల్లర, అదీ ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) ఆమోదించిన పార్ట్ 141 స్కూలై, వీఏ ఆమోదం ఉంటేనే. ప్రైవేట్ పైలట్ సర్టిఫికెట్ మీ డబ్బుతో ముందే తెచ్చుకోవాలి, ఆ మెట్టుకి వీఏ పైసా ఇవ్వదు. మీరు నెలకు 2 వేల చొప్పున హౌసింగ్ అలవెన్స్ కూడా లెక్కలో వేసుకున్నారు, ఈ రకం కోర్సుకి అది రాదు, పుస్తకాల డబ్బూ రాదు. పైగా ఎగిరిన గంటల్ని నెలనెలా సర్టిఫై చేశాకే వీఏ కడుతుంది, ముందస్తుగా కాదు. కాస్త తెలివిగా చేయగలిగేది ఒకటుంది: వీఏ సంవత్సరం ఆగస్టు 1న మొదలై జులై 31న ముగుస్తుంది కాబట్టి, వేసవి మొదట్లో చేరి ఆగస్టు దాటేలా చూసుకుంటే రెండేళ్ల పరిమితులూ వాడుకోవచ్చు. అలా చేసినా వచ్చేది 34 వేలు, 98లో అది పోగా మీ నెత్తిన పడేది 64 వేలు. దాన్నా మీరు కొంచెం అంటున్నది?

ఆ 64 వేలు 13 శాతం వడ్డీకి పదేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 955 డాలర్ల కిస్తీ. కోర్సు అవగానే ఎయిర్‌లైన్ జీతం రాదు కూడా. మీ చేతిలో ఓ 250 గంటలుంటాయి, వాళ్లడిగేది 1,500. మిగతా గంటల కోసం ఇన్‌స్ట్రక్టర్‌గా చేస్తూ, వాన పడితే ఆ రోజు సంపాదన లేకుండా, కిస్తీ కడుతూ కూర్చోవాలి. నా దగ్గరికొచ్చిన ఒక మాజీ సైనికుడు సరిగ్గా ఇలాగే లోన్ తీసుకున్నాడు, స్కూల్ విమానాలు రెండు నెలలు షెడ్డులో ఉంటే నేర్చుకున్న పాఠాలే మళ్లీ డబ్బు కట్టి నేర్చుకున్నాడు, ఆ రెండు నెలల ఇంటి అద్దె క్రెడిట్ కార్డు మీద పోయింది. మీకు ఆరు నెలల ఖర్చు అంటే 28,800 కావాలి, ఉన్నది 11 వేలు. భార్య జీతం ఉంది కదా అనకండి, ఆమె ఉద్యోగం ఆగిన రోజున 11 వేలు రెండు నెలల పైన ఎనిమిది తొమ్మిది రోజులొస్తాయి, అంతే. ఈ నిధి నిండేదాకా స్కూలుకి డిపాజిట్ కట్టొద్దు.

డిపాజిట్ కంటే ముందు ఎఫ్‌ఏఏ ఫస్ట్ క్లాస్ మెడికల్, అంటే పైలట్ల ఆరోగ్య పరీక్ష, చేయించుకోండి. స్లీప్ ఆప్నియా ఉన్నంత మాత్రాన తలుపు మూసుకుపోదు, చికిత్స రికార్డులు చూపించి అనుమతి తెచ్చుకోవచ్చు, టైమ్ పడుతుంది. వీఏ డిజెబిలిటీ సంగతి మాత్రం ఆ ఫారంలో దాచకండి. అలా దాచారన్న అనుమానంతో దాదాపు 5 వేల మంది పైలట్ల మీద ఎఫ్‌ఏఏ విచారణ చేస్తున్నట్టు 2023లో బయటపడింది.

టీఎస్‌పీ ఇప్పుడు తీస్తే పన్ను, దాని మీద 10 శాతం పెనాల్టీ, కాబట్టి వద్దు. ప్రభుత్వ యూనివర్సిటీలో ఏవియేషన్ డిగ్రీ అయితే 17 వేల పరిమితి ఉండదు, హౌసింగ్ అలవెన్స్ వస్తుంది, అర్హత ఉన్న కోర్సయితే 1,500 బదులు 1,000 గంటలు చాలు, కనుక్కోండి. ఎనిమిదేళ్ల మెకానిక్ అనుభవంతో మీరు ఏ అండ్ పీ (విమాన మెకానిక్) సర్టిఫికెట్ పరీక్షలు నేరుగా రాసుకోవచ్చు, ఆ పరీక్ష ఫీజు జీఐ బిల్ తిరిగిస్తుంది, విమానాశ్రయంలో ఉద్యోగం దొరికితే నిధీ నిండుతుంది, ప్రైవేట్ పైలట్ ఖర్చూ మెల్లగా తీరుతుంది.

పొలం గురించి నేను లెక్కలు కూడా వేయను. మీ మీద బీమా లేదు, మెడికల్ రాలేదు, చేతిలో రెండు నెలల డబ్బుంది, దీనికి తెనాలిలో మీ నాన్నగారు పూచీ పడాలా? ఈ ఆదివారం ఫోన్ చేసి పాస్‌బుక్ బీరువాలోనే ఉంచమని చెప్పండి. వీజీఎల్‌ఐ దరఖాస్తు మాత్రం ఆదివారం దాకా ఆగొద్దు.