గీతలు పడిన బూట్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఉద్యోగంలో చేరినప్పుడు ఎంతో ఇష్టపడి నల్ల తోలు బూట్లు కొనుక్కున్నాను. రోజూ నల్లగొండ నుంచి పక్క మండలంలోని బడికి మోటారు సైకిలు మీద వెళ్లి వస్తాను. ఆరు నెలలు తిరగకముందే ఎడమ బూటు ముందుభాగం గీసుకుపోయింది. రెండింటికీ వేళ్ల దగ్గర ముడతలు పడ్డాయి. రోజూ లిక్విడ్ పాలిష్ పూస్తున్నా పాత మెరుపు రావడం లేదు. తోలు నాసిరకమా, లేక నా జాగ్రత్త చాలడం లేదా?
— ఒక ఉపాధ్యాయుడు, నల్లగొండ

జవాబు: మీరు రాసిన లక్షణాలను బట్టి తోలును తప్పుపట్టలేము. అడుగు వేసినప్పుడల్లా పాదం వేళ్ల మొదట్లో వంగుతుంది, దానితోపాటు బూటూ వంగుతుంది కనుక అక్కడ ముడత పడని తోలు ఉండదు. ఎడమ బూటే గీసుకుపోవడానికి కారణం బండి గేరు లివరు అయివుంటుంది. దానికి రబ్బరు తొడుగు వేయించండి. ముందూ వెనుకా తొక్కే లివరైతే బొటనవేలి వైపుతో పైకి ఎత్తకుండా మడమతో తొక్కండి. ఇప్పటికే పడిన గీత పైపైదే అయితే అదే రంగు షూ క్రీము దాన్ని చాలావరకు కప్పుతుంది. లోపలి పోగుల దాకా తెగిన గీత మాత్రం పూర్తిగా పోదు, దాన్ని అలా ఉండనివ్వండి. ఆ ఒక్క గీతను మాయం చేయాలని పొర మీద పొర పాలిష్ పట్టిస్తే బూటు మొత్తం మొద్దుబారుతుంది.

నిజంగా పట్టించుకోవలసింది దుమ్మును, ఎండను. మన చల్క నేలల ఎర్ర దుమ్ము ముడతల్లో చేరి, నడిచిన ప్రతిసారీ గరుకు కాగితంలా తోలును అరగదీస్తుంది. ఇంటికి రాగానే మెత్తని బ్రష్‌తో, ముఖ్యంగా ముడతల్లోనూ కుట్ల వెంటా, దులపండి. దులపకుండా పాలిష్ వేయడమంటే ఆ దుమ్మును తోలులోకి రుద్దడమే. రోజూ చేయవలసిన పని ఈ దులపడమే తప్ప పాలిష్ కాదు.

పూర్వం మన పల్లెల్లో తంగేడు చెక్కతో తోళ్లు పదును చేసేవారు, ఇప్పుడు బూట్ల పైతోలుకు ఎక్కువగా క్రోమియం లవణాలు వాడుతున్నారు. ఏ పద్ధతిలో చేసినా, తోలు మెత్తగా ఉండేందుకు చివర్లో పట్టించిన నూనెలు చెమటకూ ఎండకూ క్రమంగా తగ్గిపోతాయి. మీరు వాడే లిక్విడ్ పాలిష్ పైన మెరిసే పొరను వేస్తుందే కాని లోపలికి నూనెను అందించదు, పైగా ఆ పొరే ముడతల దగ్గర పగులుతుంది. దానిని మానేసి, రెండు వారాలకు ఒకసారి తడి గుడ్డతో తుడిచి, ఆరాక క్రీమును చాలా కొద్దిగా పట్టించి, పది నిమిషాల తరువాత బ్రష్ చేయండి. మెరుపు కావాలంటే ఆపైన డబ్బా మైనపు పాలిష్ పలుచగా వేయవచ్చు. కొబ్బరినూనె పూయమని సలహా ఇచ్చేవారు ఉంటారు కాని, అది తోలును మరీ మెత్తబరచి, దుమ్మును పట్టి ఉంచుతుంది కనుక నేను సమర్థించను.

రోజంతా పట్టిన చెమట ఒక్క రాత్రిలో పూర్తిగా ఆరదు కాబట్టి, వీలైతే రెండు జతలు మార్చి మార్చి తొడుక్కోండి. వానలో తడిస్తే లోపల వార్తాపత్రిక కాగితాలు కుక్కి, అవి తడిసినప్పుడల్లా మారుస్తూ నీడలో ఆరబెట్టండి. త్వరగా ఆరాలని ఎండకు పెడితే తోలు బిగుసుకుని ముడతల వెంట చీలుతుంది. ముడత చీలికగా మారినా, కుట్టు తెగినా, అడుగుభాగం ఊడుతున్నా ఆలస్యం చేయకుండా చెప్పులు కుట్టేవారికి చూపించండి. మడమ ఒకవైపు అరిగినప్పుడు కూడా అంతే, అడుగు ముక్క ఒక్కటి మార్చితే సరిపోయే దశలోనే తీసుకువెళ్లండి.

ప్రశ్న: బీరువాలో దాచిన తోలు బూట్ల మీద వానాకాలంలో తెల్లటి బూజు వచ్చింది. పారవేయాలా?
— ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: అవసరం లేదు. బయటికి తెచ్చి పొడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారవేయండి. వెనిగర్, నీళ్లు సమంగా కలిపి, ముందుగా కనబడని చోట పరీక్షించి, రంగు పోకపోతే అందులో తడిపి పిండిన గుడ్డతో మళ్లీ తుడిచి, గాలి తగిలే నీడలో పూర్తిగా ఆరనిచ్చి క్రీము రాయండి. ప్లాస్టిక్ సంచిలో దాచితే తేమ బయటికి పోదు. నూలు సంచిలో పెట్టి, వానాకాలంలో అప్పుడప్పుడు గాలికి తీస్తూ ఉండండి.