నాన్నగారి మెటాడోర్‌కు 5.2 లక్షలు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా నాన్నగారు 1989లో కొన్న మెటాడోర్ డెలివరీ వ్యాన్ ఉంది. వెనక కిటికీలు లేవు, మొత్తం రేకు బాడీ. గూడ్స్ కింద రిజిస్టరైంది. 2019లో ఆయన పోయారు. అప్పటి నుంచి బండి షెడ్డులోనే ఉంది, ఆర్‌సీ ఇంకా ఆయన పేరు మీదే ఉంది. దాన్ని మళ్లీ పాత కళకు తెచ్చి, పక్క రేకు కోసి కౌంటర్ పెట్టి, సాయంత్రాలు నేనూ నా భార్యా టిఫిన్ బండిగా నడపాలని ఆలోచన. ఆటోనగర్‌లో 5.2 లక్షలు అంచనా ఇచ్చారు: టింకరింగ్ 1.6 లక్షలు, ఇంజిన్, బ్రేకులు, టైర్లు 1.5, పెయింట్ 90 వేలు, కౌంటర్, స్టీలు పని, వైరింగ్ 1.2. జీతం చేతికి 48 వేలు, ఇంటి ఖర్చు 34 వేలు, ఎఫ్‌డీ 6.5 లక్షలు. అమ్మాయి ఇంటర్ సెకండియర్, వచ్చే ఏడు ఇంజినీరింగ్‌లో చేరుతుంది. ఎఫ్‌డీ కదపకుండా 4 లక్షలు పర్సనల్ లోన్ తీసుకోమని బ్యాంకులో అంటున్నారు. పాత సామాన్లవాళ్లు బండిని 35 వేలకు అడుగుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీరు ఒకే ప్రశ్నలో రెండు కోరికలు కలిపారు. నాన్నగారి బండి మళ్లీ రోడ్డెక్కాలన్నది ఒకటి, సాయంత్రాలు నాలుగు డబ్బులు రావాలన్నది ఇంకొకటి. మొదటిదానికి సరే అంటాను, కానీ అప్పు చేయకుండా, సుమారు 22 నెలల్లో. రెండోదాని కోసం ఆ బండి రేకు కోయొద్దు. లెక్క కంటే ముందు కాగితాల సంగతి చూద్దాం, ఎందుకంటే డబ్బు మునిగేది ఎక్కువగా అక్కడే.

ఈ రోజు కాగితాల ప్రకారం ఆ బండి ఇంకా మీది కాదు. యజమాని చనిపోయాక వారసుడి పేరు మీదకు మార్చడానికి ఫారం 31 ఉంది. డెత్ సర్టిఫికెట్, మీసేవలో తీసుకునే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసులకు అభ్యంతరం లేదన్న అఫిడవిట్ కావాలి. అమ్మగారు, అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు ఎవరున్నా ఇప్పుడే సంతకాలు చేయించండి. బండి మెరిసిపోయాక అడిగితే అదే సంతకం బరువవుతుంది. చట్టం ఇచ్చిన గడువు నెలల్లోనే ఉంటుంది, మీకు ఏళ్లు దాటింది కాబట్టి ఆలస్య రుసుము ఉంటుంది. దానికంటే పెద్దది ట్యాక్స్ బకాయి. గూడ్స్ బండికి క్వార్టర్లీ ట్యాక్స్ బాకీ ఉంటే, వాడటం లేదని ముందుగా రాసివ్వని ప్రతి క్వార్టర్‌కూ ట్యాక్స్, దానిమీద పెనాల్టీ లెక్కకొస్తాయి. నల్గొండ ఆర్‌టీఏ ఆఫీసులో బండి నంబరు చెప్పి మొత్తం బకాయి ఎంతో కాగితం మీద రాయించుకోండి. ఆ అంకె చూడకుండా ఆటోనగర్‌కు ఒక్క రూపాయి అడ్వాన్స్ ఇవ్వొద్దు. ఎనిమిదేళ్లు దాటిన ట్రాన్స్‌పోర్ట్ బండికి ఫిట్‌నెస్ ఏటా చేయించాలి, బండి వయసు పెరిగేకొద్దీ ఫీజూ పెరుగుతుంది. అది మీకు ప్రతి సంవత్సరం ఉండే ఖర్చని ఇప్పుడే రాసిపెట్టుకోండి.

షెడ్డులోకి వెళ్లి ఒక పని చేయండి. ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబరును ఛాసిస్ మీద వెతకండి. కిరోసిన్ గుడ్డతో మెల్లగా తుడిచి, పల్చని కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దండి. అన్ని అక్షరాలూ అంకెలూ పడ్డాయంటే సగం గండం గడిచినట్టే. ఇన్‌స్పెక్టర్ చేసేదీ ఇదే. అక్కడ వైరు బ్రష్ మెషిన్, గ్రైండర్, వెల్డింగ్ ఏదీ తగలకూడదు. నంబరు చుట్టూ చాక్‌పీస్‌తో గీత గీసి, ముట్టుకోవద్దని మేస్త్రీకి ముందే చెప్పండి. తుప్పు శుభ్రం చేస్తామని నంబరునే అరగదీసిన బండికి ఎంత పెయింట్ వేసినా ఆర్‌సీ కదలదు.

ఇక రేకు కోయడం సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో సెక్షన్ 182ఏ కింద యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. 5 వేలే కదా అనుకోకండి. అసలు నష్టం వేరే ఉంది: మార్చిన బాడీతో ఫిట్‌నెస్ ఆగిపోతుంది, ఫిట్‌నెస్ లేకపోతే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. నిర్మాణంగా చూసినా కిటికీలు లేని వ్యాన్‌కు పక్క రేకే బలం. ఆరడుగుల కౌంటర్ కోసం దాన్ని కోస్తే లోపల ఫ్రేమ్ కట్టి తీరాలి. కట్టకపోతే గతుకుల రోడ్డు మీద తలుపులు సరిగ్గా మూసుకోవు, గట్టర్ (పైకప్పు అంచున వాన నీరు పోయే గాడి) దగ్గర పెయింట్ పగులుతుంది, అందులోంచి నీరు దిగి మళ్లీ తుప్పు పడుతుంది.

పాత బండి కదా, వింటేజ్ కింద పెడదామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ అంటే 50 ఏళ్లు దాటాలి. మీ బండికి 2039 దాకా ఆ మాటే లేదు. పైగా వింటేజ్ బండితో వ్యాపారం చేయకూడదు, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. అంటే ఈ రోజు కోసిన రేకు రేపటి ఆ దారిని కూడా మూసేస్తుంది.

ఇప్పుడు డబ్బు. 4 లక్షలు, 14 శాతం, 48 నెలలు అనుకుంటే ఈఎంఐ దాదాపు 10,930. వడ్డీయే 1.25 లక్షల దాకా అవుతుంది. నెలకు మీకు మిగిలేది 14 వేలు. ఈఎంఐ పోగా 3 వేలు చేతిలో ఉంటాయి, సరిగ్గా అమ్మాయి కాలేజీలో చేరే ఏడాది. మీ ఆదాయానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు, కన్వీనర్ కోటాలో సీటు వచ్చినా ఫీజు మీ జేబులోంచే కట్టాలి. ఇంత పాత బండిని తాకట్టు పెట్టుకుని బ్యాంకులు వాహన రుణం ఇవ్వవు. అందుకే మీకు పర్సనల్ లోన్ చూపిస్తున్నారు. అమ్మితే పెట్టినంత తిరిగి రాని వస్తువు మీద తాకట్టు లేని ఖరీదైన అప్పు చేయడం నేను ఒప్పుకోను.

ఎఫ్‌డీని ఇలా విడదీయండి. ఆరు నెలల ఇంటి ఖర్చు 2.04 లక్షలు ముట్టకూడదు. అమ్మాయి మొదటి ఏడాది ఫీజు, హాస్టల్, ల్యాప్‌టాప్ కలిపి 1.5 లక్షలు పక్కన. మిగిలేది 2.96 లక్షలు, ఇదే మీ బండి సొమ్ము. నెలకు మిగిలే 14 వేలలో సగం, 7 వేలు దీనికి జమ చేయండి. మిగతా సగం రెండో ఏడాది ఫీజుకు. ఇక అంచనాలోంచి కౌంటర్ పని 1.2 లక్షలు తీసేస్తే 4 లక్షలు. దానికి 50 వేలు కలుపుతున్నాను, ఎందుకంటే టింకరింగ్ అంచనా ఎప్పుడూ కనిపించే తుప్పుకే ఇస్తారు. పాత రంగు దులిపాక ఫుట్‌బోర్డు కింద, చక్రం గూళ్ల వెనక, బ్యాటరీ ట్రే కింద, ముందు అద్దం రబ్బరు అడుగున ఉన్నది బయటపడుతుంది. అంటే 4.5 లక్షలు. 2.96 లక్షలు, 22 నెలల జమ 1.54 లక్షలు కలిస్తే సరిగ్గా అంతే. ట్యాక్స్ బకాయి ఎంత తేలితే ఈ గడువు అంత జరుగుతుంది. మధ్యలో నెలా రెండు నెలలు సర్దుబాటు కావాలంటే ఎఫ్‌డీ మీద లోన్ తీసుకోండి. చాలా బ్యాంకుల్లో ఎఫ్‌డీ వడ్డీకి 1 నుంచి 2 శాతం మాత్రమే ఎక్కువ ఉంటుంది.

పని వరుస కూడా డబ్బే. చాలామంది కళ్లకు కనబడుతుందని పెయింట్‌తో మొదలుపెడతారు. తర్వాత ఇంజిన్ దించేటప్పుడు గొలుసు తగిలి కొత్త రంగు పోతుంది. ముందు బ్రేకులు, ఇంజిన్ చూడండి. ఏళ్ల తరబడి నిలబడ్డ బండిలో బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుని మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లు లోపలే తుప్పు పడతాయి. ఇవి, హోస్ పైపులు మొత్తం మార్చాలి, బేరం లేదు. ఇంజిన్ విషయంలో మాత్రం తొందరపడి హాఫ్ ఇంజిన్‌కు, అంటే ఇంజిన్ సగం విప్పి చేసే పనికి, ఒప్పుకోకండి. డీజిల్ ట్యాంకు దించి కడిగించి, ఫిల్టర్లు మార్చి, సిలిండర్లలో నాలుగు చుక్కలు ఆయిల్ వేసి, సెల్ఫ్ కొట్టకుండా చేత్తో తిప్పించండి. ట్యాంకు కడగకుండా స్టార్ట్ చేస్తే తుప్పు పొడి పంపులోకి, నాజిళ్లలోకి పోయి లేని ఖర్చు తెచ్చిపెడుతుంది. స్టార్ట్ అయ్యాక కంప్రెషన్ టెస్ట్, అంటే ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడి ఎంతో కొలిపించడం. సిలిండర్లన్నీ దగ్గర దగ్గరగా ఉంటే నాజిళ్ల సర్వీసుతో సరిపోవచ్చు. ఒకటి బాగా తక్కువ చూపిస్తేనే ఇంజిన్ విప్పాలి. ఆ ఒక్క టెస్టు మీకు 50, 60 వేలు మిగల్చగలదు. మెటాడోర్ ముందు చక్రాలతో లాగే బండి కాబట్టి యాక్సిల్ జాయింట్లు, వాటి రబ్బరు బూట్లు విడిగా చూడమనండి. టైర్ల మీద అండాకారపు గడిలో నాలుగంకెలు ఉంటాయి: మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. గీతలు బాగున్నా పాతబడ్డ టైరు వద్దు.

టింకరింగ్‌లో మీరు డబ్బు ఇచ్చే సమయమే మీ చేతిలో ఉన్న పట్టు. మూడు విడతలుగా ఇవ్వండి. పాత రంగు, పుట్టీ దులిపి ఉత్త రేకు కనిపించినప్పుడు ఒకటి. పుచ్చిన రేకు కోసి కొత్తది అతికాక, ప్రైమర్ వేయకముందు మీరు వెళ్లి చూశాక రెండోది. చివరి 20 శాతం బండి ఒక వాన తడిశాక. కొత్త రేకు 18 లేదా 20 గేజ్ సీఆర్ (కోల్డ్ రోల్డ్ స్టీలు) షీట్ అయి ఉండాలి. పాత రేకు మీదే కొత్త ముక్క పెట్టి అతికితే రెండింటి నడుమ నీరు నిలిచి రెండేళ్లలో బుడగలొస్తాయి. వెల్డింగ్ ఒకే గీతగా లాగితే వేడికి పక్క రేకు వంకరపోతుంది, ఆ వంకర దాచడానికి పుట్టీ మందంగా వేస్తారు. చుక్కలు చుక్కలుగా, దూరం దూరంగా వేసుకుంటూ కలుపుకురమ్మని చెప్పండి. చూడటానికి వెళ్లేటప్పుడు చిన్న అయస్కాంతం పల్చని గుడ్డలో చుట్టి తీసుకెళ్లండి. రేకు మీద పట్టుకుని, ఒకచోట జారిపోతే అక్కడ ఉన్నది పుట్టీ. రెడ్ ఆక్సైడ్ ఒక్కటే వేసి నెలల తరబడి ఆరుబయట ఉంచనివ్వకండి, అది తేమను ఆపదు. ఉత్త రేకు మీద ఎపాక్సీ ప్రైమర్ వేయించండి. పెయింట్ నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య పెట్టుకోండి. వానల్లో రంగు పాలిపోతుంది, మన మే నెల ఎండకు పొర పరుచుకోకముందే ఆరిపోయి నారింజ తొక్కలా తేలుతుంది. ముందు అద్దం, దాని రబ్బరు కొత్తవి దొరికేదాకా పాతది విప్పనివ్వొద్దు. విప్పేటప్పుడు పగిలిన ఒక్క అద్దం కోసం బండి ఆరు నెలలు ఆగుతుంది.

ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి. థర్డ్ పార్టీ తప్పనిసరి, అది ఉండాల్సిందే. సొంత నష్టానికి కవర్ దొరికినా, ఐదేళ్లు దాటిన బండి విలువ కంపెనీకీ మీకూ కుదిరిన అంకె మాత్రమే. పదేళ్లు దాటిన బండి లోహపు భాగాలకు 50 శాతం, రబ్బరు, ప్లాస్టిక్, టైర్లు, బ్యాటరీలకు 50 శాతం తరుగు కోస్తారు. బిల్లులు, దశల వారీ ఫొటోలు దాచుకుంటే ఆ అంకె కుదుర్చుకునేటప్పుడు పనికొస్తాయి.

టిఫిన్ల ఆలోచన మంచిదే, దాన్ని బండి నుంచి విడదీయండి. స్టవ్, మడత టేబుళ్లు, ఇడ్లీ పాత్రలు, డ్రమ్ము కలిపి 35, 40 వేలల్లో వస్తాయి. కౌంటర్‌కు అనుకున్న 1.2 లక్షలు బండి లెక్కలో ఎలాగూ లేవు. రెండో ఏడాది ఫీజుకు దాచే సొమ్ములోంచి ఆరు నెలలది దీనికి పెట్టి, వచ్చే లాభంతో ముందు ఆ లోటు పూడ్చండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్, మున్సిపాలిటీ అనుమతి, ఇంటి ఎర్ర సిలిండర్ కాకుండా 19 కిలోల కమర్షియల్ సిలిండర్ తప్పవు. మూడు నెలలు స్టాల్ నడిపి, ప్లేటుకు ఎంత మిగులుతుందో పుస్తకంలో రోజూ రాయండి. బండి సిద్ధమయ్యాక అదే సామాను వెనక తలుపుల్లోంచి ఎక్కించి దించుకోండి. వంట బండిలో కాదు, బయట వేసిన టేబుల్ మీద. గూడ్స్ బండి సామాను మోసినట్టే ఉంటుంది, రేకు కోయక్కర్లేదు, ఏదీ బిగించక్కర్లేదు.

ఆగాల్సిన చోటు ఒకటుంది. ట్యాక్స్ బకాయి కాకుండా, కాగితాలకు, పరీక్షకు, బండిని లాగించుకెళ్లడానికి కలిపి 30 వేలు హద్దు పెట్టుకోండి. ఆ లోపు ఛాసిస్ నంబరు చదవడానికి రాలేదని తేలినా, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే ఛాసిస్ పట్టీల్లోకే దిగిపోతున్నా పని ఆపేయండి. అప్పుడు కూడా ఆ 35 వేలవాళ్లకు ఇవ్వకండి. ఆర్‌సీ రద్దు కాకుండా తుక్కు కింద పోయిన బండి నంబరుతో ఇంకో బండి తిరిగితే నోటీసు మీ ఇంటికే వస్తుంది. గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికే ఇచ్చి, డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకుని, ఆర్‌టీఏలో ఆర్‌సీ రద్దు చేయించండి.