తమ్ముడూ, పోస్టర్ వదిలే ముందు ఇది చదువు

తమ్ముడూ,

నీ మెసేజ్ చూశాను. సినిమా ఫస్ట్ కాపీ వచ్చేసింది, ఒక ఫెస్టివల్ నుంచి పిలుపు వచ్చింది, మన పిల్లల్లో ఒకడికి పెద్ద బ్యానర్‌లో వేషం దొరికింది, హైదరాబాద్‌లో ఒక షో, అమెరికాలో ఒకటి రెండు షోలు అనుకుంటున్నావు, ఇవన్నీ జనానికి ఎలా చెప్పాలన్నా అని అడిగావు. చాలా సంతోషం. ఎలా చెప్పాలో తర్వాత చూద్దాం, ముందు ఎవరికి చెప్పాలో తేల్చుకో. సినిమాలో ఉన్నవాళ్లకు తెలియని వార్త బయటివాళ్లకు తెలియకూడదు. నేను రాసేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

పెద్ద సినిమాకి పీఆర్వోలుంటారు, హీరోకి ఊరూరా అభిమానులుంటారు. మనకున్నది తెర మీద కనిపించిన ముప్పై నలభై మంది, వాళ్ల ఇంటివాళ్లు, వాళ్ల వీధి. మొదటి టికెట్ కొనేది వాళ్లు, పోస్టర్‌ని పది గ్రూపుల్లో వేసేది వాళ్లు, "మా మామయ్య చేశాడు" అని ఆఫీసులో చెప్పుకునేదీ వాళ్లే. అలాంటి మనిషి తన సినిమా షో గురించి పక్కింటాయన ఫోన్‌లో చూసి తెలుసుకుంటే మనసులో ఏదో తెగుతుంది, పైకి చెప్పరు, కానీ ఆ రోజు నుంచి షేర్లు ఆగిపోతాయి. పెళ్లి పత్రిక ముందు ఇంటిపెద్దల చేతికిచ్చి తర్వాత ఊళ్లో పంచినట్టు, నీ వార్త ముందు కాస్ట్ అండ్ క్రూ గ్రూపులో పడాలి, ఒక పూట ఆగి బయట పడాలి. గ్రూపులో రాసి వదిలెయ్యకు, వాయిస్ మెసేజ్ కూడా పెట్టు. మన ఆర్టిస్టుల్లో చదువు రానివాళ్లున్నారు, కళ్లజోడు ఎక్కడ పెట్టారో వెతుక్కునేవాళ్లున్నారు, స్మార్ట్‌ఫోనే లేని పెద్దాయన ఒకరున్నారు. ఆయనకి నువ్వే ఫోన్ చెయ్యి, అసిస్టెంట్‌తో చేయించకు.

పేర్ల సంగతి. ఎవరి పేరు ఎలా వెయ్యాలో వాళ్లనే అడిగి రాసుకో. ఇంటిపేరు వద్దనేవాళ్లుంటారు, నాటకాల్లో వేసిన పాత్ర పేరే తన పేరని చెప్పే పాతకాలం ఆర్టిస్టులుంటారు, న్యూమరాలజీ చూపించుకుని ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో రెండు 'ఏ'లు కలుపుకున్నవాళ్లుంటారు. నీకు నమ్మకం ఉందా లేదా అని ఎవరూ అడగలేదు, కలిపి రాయి. టైటిల్స్‌లో ఎలా పడిందో పోస్టర్ మీదా, టికెట్ యాప్‌లోనూ, ఫెస్టివల్ కేటలాగ్‌లోనూ అచ్చం అలాగే ఉండాలి. రెండు సీన్లలో కనిపించిన మనిషికి సినిమా వల్ల మిగిలేది ఆ పేరొక్కటే కావచ్చు.

కేరాఫ్ కంచరపాలెం గుర్తుందిగా. 2018లో వెంకటేష్ మహా తీశాడు, నటీనటుల్లో ఎక్కువమంది విశాఖలోని ఆ పేట జనమే. నిర్మాత పరుచూరి ప్రవీణ అమెరికాలో డాక్టరు, సలీమాగా నటించిందీ ఆమే. న్యూయార్క్ ఇండియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో వేశాక, రానా సమర్పణలో సెప్టెంబర్ 7న థియేటర్లకు వచ్చింది. అక్కడ నటులెవరన్నదే పెద్ద వార్త అయింది. దాన్ని చూసి మనవాళ్లు చాలామంది "అందరూ కొత్తవాళ్లే" అని పోస్టర్ మీద వేసి ఊరుకుంటున్నారు. కొత్తవాళ్లు అంటే ఎవరికి ఏం అర్థమవుతుంది? ఫలానా ఆమె, ఫలానా ఊరు, ఇరవై ఏళ్లుగా బుర్రకథ చెప్తోంది, ఇందులో అత్త వేషం వేసింది అని రాయి, చదివినవాడికి ఒక మనిషి కనిపిస్తుంది. అయితే ఆ వివరాలు ఆమె చెప్పమన్నంత వరకే. "కూలి పని చేసుకునే ఆవిడని ఆర్టిస్టుని చేశాం" లాంటి మాట చచ్చినా రాయకు. ఆమె పేదరికం నీ పబ్లిసిటీ సరుకు కాదు, పైగా ఆవిడ పిల్లలు కూడా చదువుతారు దాన్ని.

ఇంకో మాట, కాస్త గట్టిగానే చెప్తాను. ఎవరికైనా బ్యాలెన్స్ పేమెంట్ ఉంటే ముందు అది ఇచ్చేసి తర్వాత వాళ్ల ఫోటోతో పోస్టర్ వెయ్యి. ఇవ్వలేని పరిస్థితి అయితే ఫోన్ చేసి ఎప్పటికి ఇస్తావో చెప్పు. డబ్బు రాని మనిషి తన మొహం మీద వచ్చిన లైకులు చూసుకుంటూ కూర్చోడు. మీ సినిమాలో చిన్నపిల్ల ఉంది కదా, బాలనటుల సంపాదనలో కనీసం 20 శాతం పిల్లల పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ చెయ్యాలని రూలే ఉంది, అది చేశావో లేదో చూసుకో. ఆ పిల్ల గురించి రాసేటప్పుడు స్కూలు పేరు, ఉండే కాలనీ, యూనిఫామ్‌లో ఉన్న ఫోటో ఏవీ వద్దు. తల్లిదండ్రులు సరే అన్నా వద్దు.

ఇక పెద్ద బ్యానర్‌లో వేషం దొరికిన కుర్రాడి విషయం. నీకు ఎంత ఆనందంగా ఉన్నా నోరు కట్టుకో. అది ఆ బ్యానర్ వాళ్లు చెప్పుకోవాల్సిన వార్త, అతను సంతకం చేసిన అగ్రిమెంట్‌లో బయట చెప్పకూడదని రాసి ఉండొచ్చు, నువ్వు ముందుగా కూస్తే వేషం పోయేది అతనికి. వాళ్లు ప్రకటించాక వాళ్ల పోస్టునే షేర్ చేసి, "మా సినిమాలో ఇతన్ని ఫలానా తేదీన చూడొచ్చు" అని ఒక లైను కలుపు, చాలు. "మేం పరిచయం చేసిన" అని మొదలుపెట్టకు. నీ కథలోకి వచ్చేముందు అతను ఎన్ని ఆడిషన్లలో నిలబడ్డాడో నీకేం తెలుసు?

పెళ్లి, గర్భం, ఆసుపత్రి, విడాకులు, ఇవి సినిమా వార్తలే కావు, వాళ్ల ఇంటి వార్తలు. వాళ్లు చెప్పుకుంటే అభినందించు, లేదా పలకరించు. ఎవరైనా పోతే ముందు ఇంటికి వెళ్లు. కుటుంబం బయటికి చెప్పాక ఒక మంచి ఫోటో, పేరు, రెండు మాటలు రాయి, ఆ ఫోటో మీద సినిమా టైటిలు, రిలీజ్ డేటు ఉండకూడదు. ఆ వారం ఏ ప్రమోషన్ ఉన్నా వెనక్కి జరుపు. ఇది నువ్వు చెయ్యగలవని తెలుసు, కానీ నీ డిజిటల్ టీమ్ కుర్రాళ్లకి ముందే చెప్పి ఉంచు, వాళ్లు షెడ్యూల్ చేసి పెట్టిన పోస్టులు వాటంతట అవే పడిపోతుంటాయి.

హీరోయిన్ ఫోటో కింద చెత్త కామెంట్లు వస్తాయి. వచ్చినవి వచ్చినట్టు తీసెయ్. రీచ్ పెరుగుతుందని ఉంచే వాళ్లని చూశాను, వాళ్లతో మళ్లీ ఏ అమ్మాయీ పనిచెయ్యలేదు.

సరే, షోల దగ్గరికొద్దాం. ఫెస్టివల్ మెయిల్‌లో పిలుపు ఒక్కటే కాదు, మేం జాబితా ప్రకటించేదాకా బయట చెప్పొద్దనే మాట కూడా ఉంటుంది, దాన్నే ఎంబార్గో అంటారు. ఆ లైను మొత్తం గ్రూపుకి తెలుగులో విడమరిచి చెప్పు, లేకపోతే మన సౌండ్ కుర్రాడే స్టేటస్‌లో పెట్టేస్తాడు. ఇంకో సంగతి, సినిమా పంపడం వేరు, ఎంపిక కావడం వేరు. పంపిన ప్రతి ఫెస్టివల్ పేరూ, ఎంపికైన సినిమాలకి గుర్తుగా వేసే ఆకుల దండల మధ్య వేసి పోస్టర్ నింపే అలవాటు ఒకటి మొదలైంది, ఎంట్రీ ఫీజు కట్టిన ప్రతివాడికీ నెలనెలా అవార్డు మెయిల్ చేసే ఫెస్టివల్సూ పుట్టుకొచ్చాయి. హాలు లేదు, ప్రేక్షకుడు లేడు, సర్టిఫికెట్ మాత్రం పీడీఎఫ్‌లో వస్తుంది. అవి పోస్టర్ మీద పది ఉంటే, తెలిసినవాడు నిజమైన ఒక్కదాన్ని కూడా నమ్మడు.

ప్రీమియర్ వరస చూసుకో. వరల్డ్ ప్రీమియర్, అంటే ప్రపంచంలోనే మొదటి షో, తమ దగ్గరే కావాలనే ఫెస్టివల్‌కి ఒప్పుకుని, దానికి ముందే హైదరాబాద్‌లో టికెట్ పెట్టి షో వేస్తే వాళ్లు నిన్ను లిస్టులోంచి తీసేయొచ్చు. ప్రివ్యూ థియేటర్‌లో మనవాళ్ల కోసం వేసుకునే షో సంగతి వేరు, అయినా ఫెస్టివల్ వాళ్లకి ఒక మెయిల్ పెట్టి అడిగి వేసుకో, లోపలికి వచ్చినవాళ్లని రివ్యూలు రాయొద్దని బతిమాలు. మొదటి ఫెస్టివల్ అయ్యాక దారి మూసుకుపోతుందని మాత్రం భయపడకు. రజనీష్ దోమలపల్లి తీసిన వనజ 2006లో టొరంటో ఫెస్టివల్‌లో వేశారు, తర్వాతి ఏడాది బెర్లిన్ ఫెస్టివల్‌కి వెళ్లి అక్కడ తొలి సినిమా బహుమతి తెచ్చుకుంది. తెలుగు సినిమానే, ముఖ్య పాత్ర వేసిన అమ్మాయీ కొత్తే.

సెన్సార్ గురించి కూడా. ఫెస్టివల్‌లో వెయ్యడానికి సమాచార ప్రసార శాఖ నుంచి మినహాయింపు తీసుకునే పద్ధతి ఉంది, కానీ అది ఆ ఫెస్టివల్ వరకే. అక్కడ వేశాం కదా అని సర్టిఫికెట్ లేకుండా ఊళ్లో ఫంక్షన్ హాల్లో టికెట్ పెట్టి వేస్తానంటే కుదరదు. 2024లో వచ్చిన రూల్స్‌తో యూఏ, అంటే చిన్నపిల్లలు పెద్దల తోడుతో చూడాల్సిన సినిమాకిచ్చే సర్టిఫికెట్ కూడా 7, 13, 16 ఏళ్ల లెక్కన మూడు రకాలైంది, నీకు ఏది వచ్చిందో పోస్టర్ మీద కనబడేలా వెయ్యి. పిల్లల్ని తీసుకొచ్చిన తల్లి గేటు దగ్గర గొడవ పడే కంటే ఇంటి దగ్గరే తెలుసుకోవడం మేలు.

థియేటర్ పేరు బుకింగ్ ఓపెన్ అయ్యేదాకా చెప్పకు. మల్టీప్లెక్సుల్లో వారం షెడ్యూలు చివరి నిమిషంలో తేలుతుంది, ఆ వారం పెద్ద సినిమా ఉంటే నీ సాయంత్రం షో ఉదయానికి జరుగుతుంది, సీట్లు తెగకపోతే ఎగిరిపోతుంది. "ఈ శుక్రవారం హైదరాబాద్, విశాఖ, విజయవాడ, థియేటర్లు బుకింగ్ తెరిచాక చెప్తాం" అంటే ఎవరూ ఏమీ అనుకోరు. థియేటర్ పేరు వేసి తర్వాత మార్చావంటే, పాత పోస్టర్ వాట్సాప్‌లో నెల రోజులు తిరుగుతూనే ఉంటుంది, ఎవడో పాపం నల్లగొండ నుంచి బస్సెక్కి వస్తాడు. అందుకే ప్రతి పోస్టర్ మీదా వారం, తేదీ, సంవత్సరం మూడూ ఉండాలి. మార్పు ఏదైనా జరిగితే పోస్టర్ రంగే మార్చి "మారిన టైమ్" అని పైన పెద్దగా వేసి, పాతది పంపిన ప్రతి గ్రూపులోనూ మళ్లీ వెయ్యి.

అమెరికా షోకైతే తేదీలో నెలని అక్షరాల్లో రాయి. మనం 7/9 అంటే సెప్టెంబర్ ఏడు, వాళ్లకది జులై తొమ్మిది. న్యూజెర్సీ వాళ్లకి మనకి ఎండాకాలంలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు తేడా, డాలస్‌కి ఇంకో గంట ఎక్కువ, కాబట్టి ఏ ఊరి షోకి ఆ ఊరి టైమే వెయ్యి, లెక్కలు కట్టుకోమని వాళ్లకి వదలకు. "డాలస్‌లో షో" అని వదిలేస్తే ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఇర్వింగా, ఫ్రిస్కోనా అని వంద మెసేజ్‌లు వస్తాయి. "శుక్రవారం రాత్రి 12 గంటలకి" అని ఎక్కడా రాయకు, సగం మంది గురువారం రాత్రే వచ్చి నిలబడతారు. 11:55 అని వేసుకో.

మిగతావి నీకు తెలిసినవే, ఎంతసేపు సినిమా, సబ్‌టైటిల్స్ ఉన్నాయా, టికెట్టా ఫ్రీనా, పార్కింగ్, ల్యాండ్‌మార్క్, పెద్దవాళ్లకి లిఫ్ట్. ప్రివ్యూ థియేటర్లు చాలావరకు స్టూడియోల లోపల ఉంటాయి, గేటు దగ్గర సెక్యూరిటీకి పేర్ల లిస్టు ముందే ఇవ్వు.

"షో తర్వాత నటీనటులతో ముచ్చట" అని వేసే ముందు మాత్రం ఆగు. ఎవరు వస్తున్నారో పేరుపేరునా అడిగి, సరే అన్నవాళ్ల పేర్లే వెయ్యి. ఊరి నుంచి వచ్చేవాళ్లకి బస్సు చార్జీ, రాత్రి పడుకోవడానికి చోటు, భోజనం నువ్వే చూడాలి, "వచ్చెయ్ పెద్దమ్మా, చూసుకుందాం" అంటే ఆవిడ సొంత డబ్బు పెట్టుకుని వచ్చి నిన్నేమీ అడగదు. హాల్లో వాళ్ల సీట్లు ముందే పట్టి ఉంచు. స్టేజి మీదకి హీరో హీరోయిన్ని మాత్రమే పిలిచి మిగతావాళ్లని లేచి నిలబడమని చప్పట్లు కొట్టించే పని చెయ్యకు, అందరినీ పిలువు, మైకు ముందు చిన్న వేషం వేసినవాళ్లకి ఇవ్వు. హీరో మైకు చివరికి వచ్చినా మాట్లాడతాడు, పెద్దమ్మ చేతికి చివర్లో వస్తే అప్పటికే జనం లేచి పార్కింగ్ వైపు నడుస్తుంటారు.

షో అయ్యాక సగం ఖాళీగా ఉన్న హాలుకి హౌస్‌ఫుల్ అని రాయకు, వచ్చినవాళ్లకి నిజం తెలుసు. వంద మంది వస్తే వంద మంది వచ్చారని రాయి, వాళ్లలో ఇద్దరు ఏం అన్నారో రాయి, నచ్చలేదన్న మాటైనా సరే. ఓటీటీలో ఎప్పుడు అని అడిగే వాళ్లకి కోప్పడకు, కాగితం మీద సంతకం పడకుండా ఏ ప్లాట్‌ఫామ్ పేరూ చెప్పకు, తేలగానే చెప్తానని అను. రోజుకో పోస్టు అక్కర్లేదు, చెప్పడానికి ఏమీ లేని రోజు ఏమీ చెప్పకు.

ఫెస్టివల్ మెయిల్ నాకు ఫార్వర్డ్ చెయ్యి, తేదీల దగ్గర ఏం రాశారో చూస్తాను. పోస్టర్ ప్రింట్‌కి ఇచ్చే ముందు పేర్ల లిస్టు కూడా పంపు, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా పడుకుంటాను, ఆ టైమ్‌లో ఫోన్ చెయ్యకు. హైదరాబాద్ షో శనివారం సాయంత్రం అయితే మీ వదిన కూడా వస్తానంటోంది. పాసులు పంపకు, మేం టికెట్లు కొంటాం.

ఇట్లు,
అన్న