సేల్స్‌లో మూడు ఆఫర్లు... దేనికి సరే అనాలి?

ప్రశ్న: మార్కెటింగ్‌లో ఎంబీఏ చివరి సెమిస్టర్ చదువుతున్నాను. మూడు ఆఫర్లొచ్చాయి. ఒకటి సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఫోన్ మీద చేసే ఇన్‌సైడ్ సేల్స్. రెండోది మెడికల్ రెప్రజెంటేటివ్. మూడోది ఆసుపత్రులకు స్కానింగ్ యంత్రాలు అమ్మే సంస్థలో సేల్స్ ట్రైనీ. సాఫ్ట్‌వేర్ వాళ్ల ప్యాకేజీ ఎక్కువ, ట్రైనీ జీతం బాగా తక్కువ. బంధువొకరేమో ఇవన్నీ వదిలేసి తనతోపాటు ఇన్సూరెన్స్‌లోకి రమ్మంటున్నారు. నేను నెమ్మదస్తుణ్ని, గలగలా మాట్లాడలేను. అసలు సేల్స్‌కి పనికొస్తానా? ఏది ఎంచుకోమంటారు?

జవాబు: నాలుగింటినీ సేల్స్ అనే అంటారు గానీ, పనులకు పొంతనే లేదు. కంపెనీ పేరు, ప్యాకేజీ కాసేపు పక్కన పెట్టి ఒక్క విషయం చూడండి. కస్టమర్‌తో మొదటిసారి మాట్లాడిన రోజు నుంచి ఆర్డర్ చేతికొచ్చేదాకా ఎంతకాలం పడుతుంది? మీ రోజు ఎలా గడుస్తుంది, డబ్బు ఎప్పుడొస్తుంది, మీ నెమ్మదితనం అక్కరకొస్తుందా అడ్డొస్తుందా అన్నవి చాలావరకు దీన్నిబట్టే తేలిపోతాయి.

ఇన్‌సైడ్ సేల్స్‌లో ఫలితం తొందరగా తెలుస్తుంది. చాలా సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో కొత్తవాళ్లు నేరుగా అమ్మరు. లిస్టులో ఉన్నవాళ్లకు ఫోన్లు, మెయిళ్లు చేసి, ఆసక్తి ఉన్నవాళ్లతో సీనియర్‌కి మీటింగ్ ఖాయం చేయడమే వాళ్ల పని. ఎన్ని కాల్స్ చేశారు, ఎన్ని మీటింగులు కుదిర్చారు అన్నది అంతా సిస్టమ్‌లో కనిపిస్తూనే ఉంటుంది. ఒకరు విసుక్కుని ఫోన్ పెట్టేసిన మరుక్షణం ఇంకొకరికి అదే ఉత్సాహంతో నమస్కారం చెప్పగలగాలి. ఏడాది చేస్తే మాట పదునెక్కుతుంది, భయం పోతుంది. మూడేళ్లయినా అక్కడే ఉంటే మాత్రం విసుగొస్తుంది. అందుకే సీనియర్ స్థానానికి ఎన్నాళ్లలో వెళ్తున్నారో ముందే అడగండి.

మెడికల్ రెప్ పని విచిత్రమైనది. మీరు మాట్లాడేది డాక్టరుతో, మందు కొనేది రోగి, లెక్క తేలేది షాపులకు టోకున మందులిచ్చే స్టాకిస్టు దగ్గర. రోగులందరూ వెళ్లేదాకా బయట బెంచీ మీద కూర్చుంటే లోపల దొరికేది రెండు మూడు నిమిషాలు. ఆ కాస్త సమయంలో ఒక మందు గురించి ఒకే ఒక్క విషయం ఆయన మనసులో నాటి రావాలి. 'ఆర్డర్ ఇచ్చాను' అని ఎవరూ అనరు. అదే డాక్టరును నెలనెలా కలుస్తూ, పోయినసారి ఆయన అడిగిన సందేహాన్ని గుర్తుపెట్టుకుని జవాబుతో వెళ్లేవాళ్లు నిలదొక్కుకుంటారు. ఎండనకా వాననకా తిరగాలి, నెలాఖరులో టార్గెట్ ఒత్తిడి తప్పదు.

యంత్రాల సంగతి పూర్తిగా వేరు. ఒక్క డీల్ తెమలడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. వాడేది రేడియాలజిస్టు, గదీ కరెంటూ సరిపోతాయా అని చూసేది ఇంజినీరు, ధర దగ్గర పట్టుబట్టేది కొనుగోళ్ల విభాగం, సంతకం పెట్టేది యాజమాన్యం. ఒక్కొక్కరి భయం ఒక్కోటి. చిత్రం స్పష్టంగా ఉంటుందా అని డాక్టరుకు, చెడిపోతే ఎవరొస్తారని ఇంజినీరుకు, పెట్టుబడి ఎప్పటికి తిరిగొస్తుందని యాజమాన్యానికి. వీటిని ఓపిగ్గా రాబట్టి, రాసుకుని, ఒక్కోదానికీ సమాధానం తేవడమే అక్కడ అమ్మకం. గలగలా మాట్లాడేవాళ్లు ఇక్కడే తడబడుతుంటారు. సేల్స్ పరిశోధకుడు నీల్ రాక్‌హామ్ బృందం 12 ఏళ్లపాటు 35,000 సేల్స్ కాల్స్‌ని, అంటే అమ్మకం కోసం కస్టమర్లతో జరిపిన భేటీల్ని పరిశీలించి, 1988లో ఫలితాలు ప్రచురించింది. 'ఇవాళే ఖాయం చేసుకోండి' అనే ఒత్తిడి చిన్న అమ్మకాల్లో పనిచేసినా, పెద్ద అమ్మకాల్లో బెడిసికొడుతుందని తేల్చింది. పెద్ద డీల్స్ గెలిచినవాళ్లు మంచి ప్రశ్నలు వేసి, కస్టమర్ చేతే ఎక్కువ మాట్లాడించారట. మీ ప్రశ్నలో బలహీనతగా రాసుకున్న గుణం ఇక్కడ పెట్టుబడే.

ఇక ప్యాకేజీ. సాఫ్ట్‌వేర్ ఆఫర్ లెటర్‌ని మళ్లీ చదవండి. మొత్తం 100 అనుకుంటే అందులో ఫిక్స్‌డ్ ఎంత, ఇన్సెంటివ్ ఎంత? సగం సగం ఉంటే, టార్గెట్‌లో 70 శాతం సాధించినవారికి ఎంతొస్తుందో లెక్క వేయించుకోండి. ఇన్సెంటివ్‌లోనూ 70 శాతం ఇస్తే 50కి 35 కలిసి 85 వస్తుంది. కానీ కొన్ని స్కీముల్లో ఫలానా శాతం దాటకపోతే ఇన్సెంటివ్ సున్నా. అప్పుడు మీ చేతికొచ్చేది 85 కాదు, 50. ఇన్సెంటివ్ ఆర్డర్ రాగానే ఇస్తారా, కస్టమర్ డబ్బు కట్టాకా? ఆర్డర్ రద్దయితే ఇచ్చింది వెనక్కి తీసుకుంటారా? మొదటి నెలల్లో అడ్వాన్సులా ఏమైనా ఇస్తే, అది తర్వాత కమీషన్‌లో కోసుకునేదా కాదా? ఇవన్నీ అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడకండి. సేల్స్ మేనేజర్లకు ఇలా అడిగేవాళ్లంటేనే గురి.

సరే అనేముందు ఇంకో ప్రశ్న తప్పక వేయండి: 'పోయినేడాది మీ టీమ్‌లో టార్గెట్ అందుకున్నవారెందరు?' సూటిగా అంకె చెబితే మంచిదే. 'కష్టపడితే ఆకాశమే హద్దు' అంటే జాగ్రత్తపడండి. వీలైతే అక్కడి ఉద్యోగితో ఒకరోజు తిరుగుతానని అడగండి. ఆ ఒక్కరోజులో తెలిసేది ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకదు.

నా మొగ్గు యంత్రాల ట్రైనీ వైపే, కానీ రెండు షరతులు. తొలి ఏడాది మీ వెంట ఉండి నేర్పే సీనియర్ ఉండాలి. మొదటి డీల్ కుదిరేదాకా ఆ ఫిక్స్‌డ్ జీతంతోనే ఇల్లు గడవాలి. అప్పులో, ఇంటి బాధ్యతలో ఉండి అది కుదరకపోతే సాఫ్ట్‌వేర్‌లో చేరండి, తప్పేం లేదు. ఫోన్‌లో తిరస్కారాన్ని తట్టుకోవడం నేర్చుకున్నవారిని రెండేళ్ల తర్వాత యంత్రాల కంపెనీలు కూడా పిలుస్తాయి. మెడికల్ రెప్ మీకు మూడో ఎంపిక.

బంధువు మాటకొస్తే, ఇన్సూరెన్స్ ఏజెన్సీలో సాధారణంగా నెల జీతం ఉండదు, కమీషనే. మొదట చుట్టాలకు, స్నేహితులకు అమ్ముతారు. ఆ జాబితా అయిపోయాక అసలు పని మొదలవుతుంది. చాలామంది మానేసేది అక్కడే. తెలియనివాళ్ల దగ్గర ఆయన పాలసీలు ఎలా చేయిస్తున్నారో అడిగి తెలుసుకోండి. మనుషుల్ని చేర్పిస్తేనే ఆదాయమని గానీ, చేరడానికి ముందు మీరే డబ్బు కట్టాలని గానీ ఎవరైనా అంటే, అది ఏ రంగమైనా సరే, వెళ్లొద్దు.