నలభై ఆరేళ్లకి ఈ కోపం ఎక్కడిది?

ముట్లుడిగే వయసులో తిండి, మనసు, మందుల గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి గైనకాలజిస్టు, పోషకాహార నిపుణురాలు కలిసి ఇస్తున్న జవాబులివి.

ప్రశ్న: నాకు 46. ఏడాదిగా నెలసరి ఒకసారి ఇరవై రోజులకే వస్తోంది, ఇంకోసారి రెండు నెలలు దాటుతోంది. వస్తే ఎనిమిది రోజులు ఆగదు. చిన్న మాటకే పిల్లల మీద విరుచుకుపడి, తరవాత ఏడుస్తున్నాను. పొద్దున పదకొండుకీ, సాయంత్రం ఆరుకీ మరీ ఘోరం. పొద్దున్నే కాఫీ, తొమ్మిదికి మూడు ఇడ్లీలు, శనివారం ఒంటిపూట భోజనం. ఇంట్లోవాళ్లు పొగరెక్కిందంటున్నారు. తిండి మారిస్తే తగ్గుతుందా?
– పాఠకురాలు, తెనాలి

జవాబు: పొగరు కాదమ్మా. ఈ వయసులో అండం కొన్ని నెలలు విడుదలవుతుంది, కొన్ని నెలలు కాదు. అలా విడుదల కాని నెలలో ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ సరిగా తయారవదు. మెదడుని నెమ్మదిపరిచి నిద్రపట్టించే ఒక పదార్థం ఆ ప్రొజెస్టెరాన్ నుంచే వస్తుంది. ఇంకో హార్మోన్ ఈస్ట్రోజెన్ మెల్లమెల్లగా తగ్గుతుందని చాలామంది అనుకుంటారు గానీ, ఈ దశలో అది ఒక వారం మామూలుకంటే ఎక్కువ పెరిగి, మరో వారం దబ్బున పడిపోతుంది. మెదడులో మనసుని కుదుటపరిచే సెరటోనిన్ అనే రసాయనం పనితీరు ఈస్ట్రోజెన్‌తో ముడిపడి ఉంది కాబట్టి మనసూ దాంతోపాటే ఊగుతుంది. కాన్పు తరవాత దిగులుపడ్డవాళ్లకీ, నెలసరికి ముందు విపరీతంగా చిరాకుపడేవాళ్లకీ ఈ ఊపు ఇంకాస్త ఎక్కువ.

ఏ తిండీ ఈ హార్మోన్లని పాత స్థితికి తీసుకురాలేదు. కానీ వేళ తప్పకుండా పదకొండుకీ ఆరుకీ వస్తోందన్నారే, అందులో మీ టిఫిన్‌కీ కాఫీకీ వాటా ఉండొచ్చు. మూడు ఇడ్లీల్లో మాంసకృత్తులు ఆరు గ్రాములు ఉంటే గొప్ప. పిండిపదార్థం త్వరగా అరిగి, రక్తంలో చక్కెర గబగబా ఎక్కి దిగుతుంది. మరీ పడిపోనక్కర్లేదు, దిగే వేగానికే ఆకలి, చేతుల్లో వణుకు, విసుగు మొదలవుతాయి. నిద్ర చాలని మనిషికి ఆ విసుగు కోపంగా మారడానికి ఎంతోసేపు పట్టదు.

మీరు అరవై కిలోలుంటే రోజుకి 55, 60 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అందులో పదిహేను టిఫిన్‌లోనే పడేట్టు చూడండి. అరవై గ్రాముల పెసలు నానబెట్టి రుబ్బితే రెండు పెసరట్లవుతాయి, వాటిలో పద్నాలుగు గ్రాములు వస్తాయి. ఇడ్లీయే కావాలంటే రెండిడ్లీలకి పప్పు ఎక్కువ వేసిన సాంబారు గిన్నెడు, ఒక ఉడికించిన గుడ్డు. గుడ్డు తినకపోతే గుప్పెడు వేయించిన వేరుశనగ గుళ్లు. సాయంత్రం నాలుగున్నరకి బిస్కెట్టు, టీ బదులు ఉడికించిన శనగలో, మజ్జిగో తీసుకుంటే ఆరింటి రభస తగ్గుతుందో లేదో మీకే తెలుస్తుంది. శనివారం మానెయ్యమని మేం చెప్పం. ఆ ఒంటిపూట భోజనం రాత్రికి పెట్టుకోకండి, మధ్యాహ్నమే తినండి. రాత్రి పాలు, పండు, గుప్పెడు వేరుశనగలు తీసుకోండి. ఖాళీ కడుపున నాలుగు కాఫీలతో గడిపే ఉపవాసమే అసలు ప్రమాదం. కాఫీలో సగం కెఫీన్ ఒంట్లోంచి పోవడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక మానండి. ఒక్కసారిగా మానేస్తే తలపోటు పట్టుకుంటుంది, మూడు రోజులకో కప్పు చొప్పున తగ్గించండి.

మీ ఉత్తరంలో మమ్మల్ని ఎక్కువ ఆపింది ఆ ఎనిమిది రోజుల రక్తస్రావం. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), బీ12 విటమిన్ పరీక్షలు చేయించండి. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనతే. దాని నీరసం, దడ, చిరాకు అచ్చం మెనోపాజ్ లక్షణాల్లాగే ఉంటాయి. గంటకో ప్యాడ్ తడుస్తున్నా, పెద్ద గడ్డలు పడుతున్నా స్కానింగుకి ఆలస్యం చెయ్యొద్దు. 45 దాటాక మెనోపాజ్ అని తేల్చుకోవడానికి హార్మోన్ పరీక్షలు అక్కర్లేదు, ఆ డబ్బులు ఈ నాలుగింటికి పెట్టండి.

ప్రశ్న: వయసు 49. షుగరుకి మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నాను. బరువు తగ్గాలని రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలు తింటున్నాను. మూడింటికి ఒళ్లంతా చెమటతో మెలకువ, భయం, ఏడుపు. లేచి రెండు బెల్లంముక్కలు తింటే సర్దుకుంటోంది. ఇవి మెనోపాజ్ ఆవిర్లేనా?
– పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఊహించి చెప్పే విషయం కాదిది. గ్లూకోమీటరు మంచం పక్కనే పెట్టుకుని, మెలకువ రాగానే ముందు వేలు గుచ్చండి, ఆ తరవాతే బెల్లం.

70 లోపు వస్తే షుగరు పడిపోయినట్టు. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, పదిహేను నిమిషాలాగి మళ్లీ చూడండి. 70 దాటకపోతే మరోసారి తాగాలి. దాటాక గ్లాసు పాలో, ఒక పుల్కానో తినాలి. మర్నాడే డాక్టరుకి చెప్పండి. మీ భోజనం సగమైనా మాత్ర పాత మోతాదులోనే ఉంది, గ్లిమిపిరైడ్ మీరు తిన్నారా లేదా అని చూడదు. ఆ మోతాదు తగ్గించాల్సింది డాక్టరే, మీరుగా ఆపకండి.

120, 140 ఉంటే అవి ఆవిర్లు. రొమ్ము దగ్గర మొదలై మెడకీ ముఖానికీ పాకే వేడి రెండు మూడు నిమిషాలు ఉంటుంది, పోయాక చలేస్తుంది. షుగరు పడినప్పుడు చెమట చల్లగా ఉంటుంది, చేతులు వణుకుతాయి, ఆకలేస్తుంది, మాట తడబడొచ్చు. ఆవిరికి బెల్లం తింటే ఏమవుతుందో చూడండి: అదెలాగూ మూడు నిమిషాల్లో పోయేదే, గుణం మాత్రం బెల్లం ఖాతాలో పడుతుంది. పొద్దున పరగడుపు షుగరు ఎక్కువ వస్తుంది, డాక్టరు మాత్ర పెంచుతారు, అప్పుడు నిజంగానే రాత్రిపూట పడిపోతుంది. బీపీకి బీటా బ్లాకర్ వాడేవాళ్లకి షుగరు పడినా దడ, వణుకు తెలియకపోవచ్చు, చెమట ఒక్కటే గుర్తు.

ప్రశ్న: ఇక్కడ దుకాణాల్లో బ్లాక్ కోహోష్ (ఒక మూలిక), అశ్వగంధ, సోయా మాత్రలు దొరుకుతాయి. అవిసె గింజల పొడి మా అమ్మ పంపింది. ఆవిర్లకి ఏది వాడమంటారు?
– పాఠకురాలు, డాలస్

జవాబు: సోయా వల్ల ఆవిర్లు కొందరికి కొద్దిగా తగ్గుతాయి, అదీ ఆరు నుంచి పన్నెండు వారాలు క్రమంగా తింటేనే. మాత్రలకంటే టోఫూ, సోయా పాలు, మీల్‌మేకర్ నయం, మాంసకృత్తులూ వస్తాయి. అమ్మగారి అవిసె పొడి రోజుకో పెద్ద చెంచాడు మజ్జిగలోనో చపాతీ పిండిలోనో కలుపుకోండి. విరేచనం సాఫీగా అవుతుంది, గుండెకి మంచిది. ఆవిర్ల మీద మాత్రం జరిగిన ప్రయోగంలో ఉత్తుత్తి మందుకంటే మెరుగు అనిపించుకోలేదు. బ్లాక్ కోహోష్, అశ్వగంధ రెంటివల్లా కాలేయం దెబ్బతిన్న కేసులున్నాయి, అశ్వగంధ థైరాయిడ్‌ని కూడా కదుపుతుంది. మేమైతే ఆ రెండూ కొనం.

ప్రశ్న: 39 ఏళ్లకి గర్భసంచి తీశారు. ఇప్పుడు 42. ఆపరేషన్ అయిన నెలనుంచే ఆవిర్లు, నిద్రలేమి, ఎవరితోనూ మాట్లాడబుద్ధికాకపోవడం. అండాశయాలు కూడా తీశారో లేదో నాకు తెలియదు.
– పాఠకురాలు, వరంగల్ జిల్లా

జవాబు: జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్నవారు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలుగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరసలో ఉంటున్నాయి. వాళ్లలో ఎంతమందికి ఏమేం తీశారో చెప్పి పంపారో మరి.

డిశ్చార్జి కాగితం వెతకండి. ‘హిస్టరెక్టమీ’ అని మాత్రమే ఉంటే అండాశయాలు ఉంచినట్టు. పక్కన ‘బీఎస్‌ఓ’ అనో, ‘బైలేటరల్ సాల్పింగో ఊఫొరెక్టమీ’ అనో ఉంటే రెండు అండాశయాలూ తీసేశారు. కాగితం దొరక్కపోతే ఆసుపత్రి రికార్డు, స్కానింగు, ఎఫ్‌ఎస్‌హెచ్ (అండాశయాల్ని నడిపే హార్మోన్) పరీక్షతో తేల్చుకోవచ్చు. నెలసరి ఉండదు కాబట్టి మీలాంటివారికి ఆ హార్మోన్ పరీక్ష పనికొస్తుంది.

ఆ నెలనుంచే మొదలయ్యాయంటే రెండూ తీసి ఉండే అవకాశం ఎక్కువ. ఏళ్ల తరబడి తగ్గాల్సిన ఈస్ట్రోజెన్ ఒకటి రెండు రోజుల్లో పడిపోతుంది, అందుకే మనసు అంత కుంగుతుంది. దీన్ని రాగిజావతో సరిపెట్టలేం. రొమ్ము క్యాన్సరు, కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డలు, కాలేయ జబ్బు లేకపోతే, సహజంగా ముట్లుడిగే వయసు వరకు, అంటే సుమారు 50 దాకా, ఈస్ట్రోజెన్ వాడమనే గైనకాలజిస్టులు చెబుతారు. గర్భసంచి లేదు కాబట్టి సాధారణంగా ప్రొజెస్టెరాన్ తోడు అక్కర్లేదు. తిండి అవసరం ఎముకలకి. రోజుకి 1200 మిల్లీగ్రాముల కాల్షియం లెక్క వేసుకోండి: పాలు, పెరుగు కలిపి అరలీటరుకి ఆరువందలు, యాభై గ్రాముల రాగిపిండికి 170, 180, పొట్టు తీయని నువ్వులు రెండు చెంచాలకి వంద పైచిలుకు, మిగతాది మునగాకు, తోటకూర, పప్పులనుంచి.

ప్రశ్న: మా ఆవిడకి 51. నెలసరి ఆగి ఏడాదిన్నర. రెండు నెలలుగా వంట మీద, తిండి మీద ధ్యాస లేదు. నాలుగు కిలోలు తగ్గింది. ‘నేను లేకపోయినా మీకేం ఇబ్బంది ఉండదు’ అంటోంది. ఏం పెడితే కోలుకుంటుంది?
– పాఠకుడు, రాజమండ్రి

జవాబు: ఏం పెట్టాలన్నది తరవాత. రెండు వారాలు దాటి, రోజులో ఎక్కువసేపు దిగులుగా, దేనిమీదా ఆసక్తి లేకుండా ఉంటే అది డిప్రెషన్ కావచ్చు, ‘ఈ వయసులో మామూలే’ అని వదిలెయ్యకూడదు. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా, మెల్లగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, మందులు, పురుగుమందు ఇంట్లో అందుబాటులో లేకుండా చెయ్యండి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. కాదన్నా ఈ వారంలోనే సైకియాట్రిస్టుకి చూపించాలి. టెలీ మానస్ నంబరు 14416కి రాత్రీపగలూ ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు.

మందు మొదలుపెట్టాక గుణం కనిపించడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, పది రోజులకే ఆపించకండి. రొమ్ము క్యాన్సరుకి టామాక్సిఫెన్ వాడుతుంటే ఆ మాట తప్పక చెప్పండి, పారోక్సెటీన్ లాంటి మందులు దాని పనిని తగ్గిస్తాయి. అంతవరకు కొసరి కొసరి తినిపించే పోరు వద్దు. రెండు గంటలకోసారి పెరుగన్నం, పెసరపప్పు కట్టు, గుడ్డు, అరటిపండు కొద్దికొద్దిగా ముందు పెడితే చాలు. బరువు తగ్గడానికి థైరాయిడ్, షుగరు పరీక్షలు కూడా అవసరం.

ప్రశ్న: థైరాయిడ్, ఐరన్, కాల్షియం మూడు మాత్రలూ టిఫిన్ కాగానే ఒకేసారి వేసుకుంటున్నాను. టీఎస్‌హెచ్ తగ్గట్లేదు.
– పాఠకురాలు, నంద్యాల

జవాబు: తగ్గదు. ఐరన్, కాల్షియం రెండూ థైరాయిడ్ మాత్రని పేగుల్లోనే పట్టేస్తాయి. పొద్దున ఆరింటికి పరగడుపున మంచినీళ్లతో థైరాయిడ్ మాత్ర, ఏడింటికి కాఫీ. ఐరన్ పదకొండున్నరకి నిమ్మరసంతో. దానికి రెండు గంటలు అటూఇటూ టీ, కాఫీ, పాలు వద్దు. కడుపులో తిప్పితే డాక్టరుని అడిగి రోజు విడిచి రోజు వేసుకోండి, ఒంటికి పట్టడమూ బాగుంటుంది. కాల్షియం రాత్రి భోజనం అయ్యాక. ఇలా ఆరు నుంచి ఎనిమిది వారాలు నడిపి మళ్లీ టీఎస్‌హెచ్ చేయించండి. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వాడుతుంటే పరీక్షకి రెండు రోజుల ముందే ఆపండి, లేకపోతే రిపోర్టు తప్పు చూపిస్తుంది.